ముసలాళ్ళకు ఆసుపత్రి పాఠాలు

ఆసుపత్రి సిబ్బందికి వృద్ధులతో ఎలా మెలగాలో శిక్షణ ఇవ్వాలట! ఈ మాట అనేవాళ్ళు ఈమధ్య ఎక్కువయ్యారు. నాకైతే ఇది పచ్చి కృతఘ్నతగా తోస్తోంది. మన ఆసుపత్రులు ఏళ్ళ తరబడి, బిల్లులో విడిగా చూపించకుండా, రాత్రింబగళ్ళు శిక్షణ ఇస్తూనే ఉన్నాయి కదా! కాకపోతే పాఠం వింటున్నది సిబ్బంది కాదు, ముసలాళ్ళు. వయసును చూసి ఆసుపత్రి మారాలంటే బోలెడు ఖర్చు. ఆసుపత్రిని చూసి ముసలాయనే మారితే పైసా ఖర్చు లేదు.

చదువు గేటు దగ్గరే మొదలవుతుంది. ఓపీ చీటీకి ఒక వరుస, డాక్టరు గది ముందు ఒక వరుస, రక్తం ఇవ్వడానికి ఒకటి, దాని రిపోర్టు తెచ్చుకోవడానికి ఇంకొకటి, మందులకు మరొకటి. ఒక్కొక్కటి ఒక్కో బ్లాకులో. మోకాళ్ళ నొప్పులని వచ్చిన మనిషిని సాయంత్రం దాకా నడిపించి కూడా దాన్ని ఫిజియోథెరపీ లెక్కలో రాసుకోకపోవడం మనవాళ్ళ వినయం. మధ్యలో వేలిముద్ర. నలభై ఏళ్ళు నాట్లు వేసిన వేళ్ళ మీద, అంట్లు తోమిన వేళ్ళ మీద గీతలు అరిగిపోతాయి. మిషను ఒప్పుకోదు. ‘గట్టిగా నొక్కు మామ్మా, ఇంకో వేలు పెట్టు’ అంటాడు కుర్రాడు. మనిషి ఎదురుగానే ఉంది, ఉన్నట్టు దాఖలా మాత్రం లేదు.

చట్టం లేదా అంటే, భేషుగ్గా ఉంది. 2007లో పార్లమెంటు చేసిన తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టంలో ఇరవయ్యో సెక్షను చదివితే కడుపు నిండిపోతుంది. ప్రభుత్వ ఆసుపత్రుల్లో వృద్ధులందరికీ వీలైనంత మేరకు మంచాలివ్వాలి, వాళ్ళకు విడిగా వరుస ఉండాలి, ప్రతి జిల్లా ఆసుపత్రిలో వృద్ధుల వైద్యంలో అనుభవమున్న డాక్టరు ఆధ్వర్యంలో ప్రత్యేక వసతులుండాలి అని రాశారు. ఇన్నేళ్ళలో ఆ సెక్షనులో తూచా తప్పకుండా అమలైన ముక్క ఒకటుంది: ‘వీలైనంత మేరకు’. విడి వరుసకు బోర్డు కూడా పెట్టారు. బోర్డు కింద కిటికీ ఉంది, కిటికీ వెనక కుర్చీ ఉంది. కుర్చీలో ఉండాల్సినవాడు భోజనానికి వెళ్ళాడు. 2010-11లో వృద్ధుల ఆరోగ్య సంరక్షణకు జాతీయ కార్యక్రమం వచ్చింది. జిల్లా ఆసుపత్రికి పది మంచాల వార్డు రాసిచ్చింది. జిల్లా మొత్తానికి పది! వాటిలో ఒకటి దొరికిన ముసలాయన లాటరీ టిక్కెట్టు కొనుక్కోవడం మంచిది, ఆయన టైము బాగున్నట్టే.

ఇక మంచం ఎక్కాక అసలు శిక్షణ. ముందుగా కళ్ళజోడు తీసేస్తారు, చెవి మిషను తీసేస్తారు, పళ్ళసెట్టు తీసేస్తారు. మూడూ ఒక ప్లాస్టిక్ కవరులో వేసి ‘పేషెంట్ తాలూకు ఎవరండీ?’ అని కేకేసి చేతిలో పెడతారు. ఐసీయూలో కిటికీ ఉండదు. గోడ గడియారం ఉంటే గింటే మంచం తలవైపు ఉంటుంది, అంటే రోగికి తప్ప అందరికీ కనబడుతుంది. రాత్రంతా లైట్లు, మిషన్ల కూతలు. తెల్లవారుజామున నాలుగింటికి లేపి బీపీ చూస్తారు. అయిదింటికి లేపి రక్తం తీస్తారు. చూపు లేదు, వినికిడి లేదు, నిద్ర లేదు, పగలో రాత్రో తెలియదు. అప్పుడు తెల్లకోటు ఒకటి వచ్చి ‘తాతా, ఇవాళ ఏ వారం?’ అని పరీక్ష పెడుతుంది. తప్పు చెప్పాడా, అయిపోయింది. ‘కన్‌ఫ్యూజ్డ్’ అని కేసుషీటులోకి ఎక్కుతుంది. ఇంటికి పోతానని సెలైను గొట్టం పీకాడా, గుడ్డపీలికతో చేతులు మంచం కమ్మీకి కట్టేస్తారు. బయట కూర్చున్న కోడలికి ‘వయసైపోయింది కదమ్మా, మామూలే’ అని ఓదార్పు. ఊళ్ళో లెక్కల మాస్టారుగా ముప్పై ఏళ్ళు పనిచేసి, మొన్న మంగళవారం దాకా పాలవాడి పద్దు నోటితో కట్టిన మనిషి, శుక్రవారానికల్లా మతి లేనివాడైపోవడం ‘మామూలే’ ఎలా అయింది? ఎవరూ అడగరు. సంధి ప్రేలాపనకు చాలాసార్లు కారణాలుంటాయి. ఒంట్లో నీరు తగ్గడం, మూత్రంలో ఇన్‌ఫెక్షను, కొత్తగా వేసిన మాత్ర, నిద్ర లేకపోవడం. వెతికితే దొరుకుతాయి. వెతకడం కంటే కట్టడం సులువు.

దీనికి మందు కనిపెట్టినవాళ్ళు లేకపోలేదు. అమెరికాలో యేల్ విశ్వవిద్యాలయం ఆసుపత్రిలో షారన్ ఇనౌయే అనే డాక్టరమ్మ బృందం డెబ్భై దాటిన 852 మంది మీద అధ్యయనం చేసి 1999లో ఫలితం ప్రకటించింది. మామూలు వార్డులో నూటికి పదిహేను మందికి మతి తప్పితే, వాళ్ళ పద్ధతి పాటించినచోట పదిమంది లోపువాళ్ళకే. ఇంతకీ ఆ పద్ధతి ఏమిటి? కళ్ళజోడు కళ్ళకే ఉంచడం. చెవి మిషను చెవికే ఉంచడం. రోజూ పేరు పెట్టి పలకరించి ఇవాళ ఫలానా వారమని చెప్పడం. మంచినీళ్ళు తాగించడం. చెయ్యి పట్టుకొని నడిపించడం. రాత్రి నిద్రమాత్ర బదులు గోరువెచ్చని పాలిచ్చి వీపు రాయడం. మన ఇళ్ళలో అమ్మమ్మలు ఏ జర్నల్లోనూ అచ్చువేయించుకోకుండా చేసినదే. ఇది ఇక్కడ కుదరదు లెండి. పాలకూ వీపు రాయడానికీ ప్యాకేజీ కోడు లేదు. కోడు లేనిదానికి బిల్లు లేదు, బిల్లు లేనిదాన్ని వైద్యమని ఎలా అంటాం?

కదలకుండా పడుకోవడం మన శిక్షణలో డిగ్రీ స్థాయి పాఠం. కార్పొరేటు ఆసుపత్రిలో చేరగానే పెద్దవాళ్ళ చేతికి రంగు పట్టీ ఒకటి కడతారు, పడిపోయే ప్రమాదం ఉందని గుర్తు. ఆ పట్టీ పడినప్పటినుంచి ఆయన మంచం దిగితే నేరం. బాత్రూముకు తీసుకెళ్ళమని బెల్లు నొక్కితే వచ్చేవాళ్ళు ఉండరు. లేచి తానే వెళ్ళబోతే ‘ఎవరు దిగమన్నారు?’ అని నలుగురు పరిగెత్తుకొస్తారు. అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినా తిననివ్వదు అన్నట్టు. చివరికి డైపరు వేస్తారు. తనకు తానుగా వెళ్ళగలిగిన మనిషికి, తీసుకెళ్ళే మనిషి లేనందుకు డైపరు! అదీ ఫార్మసీ బిల్లులోనే.

2007లో అమెరికన్ మెడికల్ అసోసియేషన్ పత్రికలో ఒక చిన్న అధ్యయనం వచ్చింది, పట్టుమని పదిహేను మంది కూడా లేనిది. ఏ జబ్బూ లేని పెద్దవాళ్ళను పది రోజులు మంచం మీదే ఉంచితే కాళ్ళ కండ దాదాపు కిలో తరిగిపోయింది. మనవాళ్ళు న్యుమోనియాకి వైద్యం చేసి, ఊపిరితిత్తులు బాగుచేసి, కాళ్ళు తీసేసుకుని పంపిస్తారు. నడుస్తూ వచ్చినాయన వీల్‌చైరులో కారు దాకా వెళ్తాడు. ‘రికవర్డ్’ అని డిశ్చార్జి కాగితంలో ఉంటుంది. అది ఇంగ్లీషులో ఉంటుంది కాబట్టి ఆయన చదివి నొచ్చుకునే ప్రమాదం లేదు.

మందుల సంగతి ఒక్క మాటలో చెప్పొచ్చు: ఎవరి మాత్ర వాళ్ళదే. గుండె డాక్టరు నాలుగు రాస్తాడు, షుగరు డాక్టరు మూడు, ఎముకల డాక్టరు రెండు, అన్నిటికీ కలిపి గ్యాసుకు ఒకటి. తీసేసే డాక్టరు మాత్రం ఏ అంతస్తులోనూ ఉండడు. పెద్దవయసులో ఏయే మందులకు దూరంగా ఉండాలో మార్క్ బీర్స్ అనే డాక్టరు 1991లోనే జాబితా వేశాడు. దాన్ని ఇప్పటికీ సవరిస్తూ ఉన్నారు. నిద్రమాత్రలు, జలుబుకిచ్చే పాతరకం ఎలర్జీ మాత్రలు అందులో ఉన్నాయి. మన వార్డులో రాత్రి పదింటికి గోల చేస్తున్న ముసలాయనకు ఇచ్చేవి సరిగ్గా అవే. జాబితా చూసి వాడుతున్నారేమోనని నా అనుమానం.

అన్నిటికంటే కష్టమైన పాఠం నోరు మూసుకోవడం. రౌండ్సుకు వచ్చిన పెద్ద డాక్టరు మంచం పక్కన నిలబడి డల్లాస్‌లో ఉన్న కొడుకుతో వీడియో కాల్‌లో మాట్లాడతారు. ‘డాడీ స్టేబుల్ బాబూ, సోడియం కొంచెం తగ్గింది, ఇంకో రెండు రోజులు అబ్జర్వేషన్లో ఉంచుదాం.’ డాడీ రెండడుగుల దూరంలో ఉన్నాడు. దాదాపు తొమ్మిదివేల మైళ్ళ అవతలివాడికి వినబడిన మాట ఆయనకు వినబడలేదు, చెవి మిషను కవరులో ఉంది కదా. ‘ఇంటికి ఎప్పుడు పంపుతారు?’ అని ఆయన అడిగితే ‘మీరు రెస్ట్ తీసుకోండి అంకుల్’ అని జవాబు. సర్కారు వార్డులో అయితే అంకుల్ కూడా లేదు, ‘ఏయ్ పెద్దాయనా, పడుకో’. రెండుచోట్లా సారాంశం ఒకటే, అద్దెలో తేడా. అమెరికాలో జాన్ ఎ. హార్ట్‌ఫర్డ్ ఫౌండేషన్ వాళ్ళూ మరికొందరూ 2017లో మొదలుపెట్టిన వృద్ధహిత వైద్య పద్ధతిలో మొట్టమొదటి అంశం, రోగికి ఏది ముఖ్యమో రోగినే అడగడం. మందులు, మతి, కదలిక దాని తర్వాతే. విచిత్రమైన దేశం. మనిషి ఎదురుగా ఉండగా మనిషినే అడుగుతారట!

మనకు తెలియని విద్య కూడా కాదిది. విజయవాడలో రాత్రి రైలెక్కి చెన్నై సెంట్రల్లో దిగి రోడ్డు దాటితే ప్రభుత్వ జనరల్ ఆసుపత్రి. డాక్టర్ వి.ఎస్. నటరాజన్ అక్కడ 1978లోనే వృద్ధులకు ప్రత్యేక వైద్యం మొదలుపెట్టారు. 1996 నాటికి మద్రాసు మెడికల్ కాలేజీలో ఎం.డి. కోర్సు కూడా వచ్చింది. రోడ్డు దాటడానికి మనకు ఇన్ని దశాబ్దాలు పడుతోంది. మన ఎంబీబీఎస్‌లో పిల్లల వైద్యానికి విడిగా పేపరుంది, ముసలితనం జనరల్ మెడిసిన్‌లో ఒక పాఠం. పిల్లల వార్డు గోడ మీద ఏనుగు బొమ్మ వేయాలని ఎవరూ చెప్పకుండానే తోచింది. ముసలాళ్ళ వార్డు గోడ మీద క్యాలెండరు తగిలించాలంటే కమిటీ కావాలి.

అయినా శిక్షణ జరగడం లేదనకండి. అక్టోబరు 1, అంతర్జాతీయ వయోవృద్ధుల దినోత్సవం నాడు జరుగుతుంది. ఏసీ హాలు, ఫ్లెక్సీ, ఇంగ్లీషు స్లైడ్లు. సన్మానానికి పిలిచిన పెద్దలను పదింటికి రమ్మంటే ముఖ్య అతిథి పన్నెండున్నరకు వస్తారు. ఈలోగా బాత్రూము ఎక్కడని అడిగిన పెద్దాయనకు మెట్లు దిగి చుట్టూ తిరిగి వెళ్ళమని సెక్యూరిటీ దారి చూపిస్తాడు. శాలువా, పళ్ళ పొట్లం, ఫోటో. స్లైడ్లలో సానుభూతి గురించి చెబుతారు. వినేవాళ్ళు ఎవరు? క్వాలిటీ విభాగం వాళ్ళు, హెచ్‌ఆర్ వాళ్ళు, సర్టిఫికెట్టు కోసం వచ్చిన హెడ్ నర్సులు. ముసలాయన్ను నిజంగా ముట్టుకునేవాళ్ళు, అంటే పక్క మార్చే ఆయా, స్ట్రెచరు తోసే వార్డుబాయ్, చీటీ రాసే కుర్రాడు, గేటు దగ్గర గద్దించే గార్డు, వీళ్ళెవరూ హాల్లో ఉండరు. వాళ్ళు ఔట్‌సోర్సింగు. ఆసుపత్రి మనుషులు కారు, ఏజెన్సీ మనుషులు. వాళ్ళకు నేర్పితే ఆ చదువు కాంట్రాక్టుతోపాటు వెళ్ళిపోతుందని యాజమాన్యం బెంగ. రాత్రి డ్యూటీలో ముప్పై నలభై మంచాలకు ఒక్క సిస్టరు ఉంటుంది. నిజానికి వ్యంగ్యం ఆమె మీద వేయడానికి నాకు చెయ్యి రాదు. ఆమెకు సానుభూతి గురించి గంటసేపు క్లాసు పీకుతారు, రెండో సిస్టరును మాత్రం ఇవ్వరు. స్లైడుకు జీతం అడిగే అలవాటు లేదు కదా.

ప్రభుత్వాలు ఊరుకోలేదు. డెబ్భై దాటిన అందరికీ 2024 అక్టోబరులో కేంద్రం అయిదు లక్షల ఆరోగ్య కార్డు ఇవ్వడం మొదలుపెట్టింది. సరిగ్గా ఆ నెలలోనే, రాష్ట్రంలో వృద్ధులు పెరిగిపోతున్నారు కాబట్టి పిల్లల్ని ఎక్కువగా కనాలని ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి పిలుపునిచ్చారు. స్థానిక ఎన్నికల్లో ఇద్దరు పిల్లల నిబంధనను నవంబరులో ఎత్తేశారు. దీర్ఘకాలిక ప్రణాళిక అంటే ఇదీ. ఆ పుట్టబోయే పిల్లలు పెరిగి, నర్సింగు చదివి, వార్డుకు రెండో సిస్టరుగా వచ్చేదాకా తాతగారు బెల్లు నొక్కుతూ ఉంటే సరిపోతుంది.

నాదొక చిన్న ప్రతిపాదన. కొన్ని దేశాల్లో ఆసుపత్రి సిబ్బంది చెవుల్లో దూది పెట్టి, మసక కళ్ళద్దాలు తొడిగి, కాళ్ళకు బరువులు కట్టి ముసలితనం ఎలా ఉంటుందో అనుభవంలోకి తెస్తారు. మనమూ చేద్దాం. అయితే ఆయాలతో, సిస్టర్లతో వద్దు, వాళ్ళ నడుములు ఇప్పటికే అరవై దాటాయి. డైరెక్టరు గారితో, సూపరింటెండెంటు గారితో, టెండరు ఖరారు చేసే అధికారితో మొదలుపెడదాం. చెవుల్లో దూది, అద్దాల మీద వాసెలిన్, చెప్పుల్లో గుప్పెడు శనగలు. సోమవారం ఉదయం, సొంత ఆసుపత్రిలో, ఎవరితోనూ చెప్పకుండా ఓపీ వరుసలో నిలబెడదాం. పది నిమిషాలు గడిచాక ‘నేనెవరో తెలుసా?’ అని డైరెక్టరు గారు అరుస్తారు. గార్డు కంగారుపడక్కర్లేదు, తనకు తెలిసిన పనే. పక్కకు లాగి మంచం మీద పడుకోబెట్టి, కళ్ళజోడు కవరులో వేసి, కేసుషీటు తెరిచి రాయించాలి: పేషెంటు తాను ఈ ఆసుపత్రి డైరెక్టరునని అంటున్నాడు, సహకరించడం లేదు, చేతులు కట్టేయడమైనది.