నామినల్ గారి పాము

సూళ్లూరుపేటలో, శ్రీహరికోట రాకెట్ కేంద్రం (షార్) నుంచి రిటైరైన ఇంజనీరును గుర్తుపట్టడానికి ఐడీ కార్డు అక్కర్లేదు. కూర ఎట్లా ఉందని ఇల్లాలు అడిగితే, అంతా సవ్యమేననే రాకెట్ వాళ్ల మాటలో "నామినల్" అంటాడు. ఒంట్లో ఎలా ఉందని డాక్టరు అడిగినా అదే జవాబు. బస్సు రాకపోతే "హోల్డ్‌లో పెట్టినట్టున్నారు" అంటాడు. గేటు మడతబందులకు నూనె వేసిన తేదీ గోడ మీద పెన్సిలుతో రాసుకుంటాడు. వీధికి ఇద్దరు ముగ్గురైనా ఉంటారు కాబట్టి పేర్లు చెప్పుకోవడం బాగుండదు. మా వీధిలో ఉన్నాయన్ని మేం నామినల్ గారనే పిలుస్తాం, ఆయనా పలుకుతాడు.

ఉద్యోగమంతా ఆయన కాపురం చలితోనే. ద్రవ హైడ్రోజన్ సున్నాకు దిగువన 253 డిగ్రీల దగ్గర ఉండాలి, ద్రవ ఆక్సిజన్ 183 దగ్గర. వేడి అనేది ఏ సందులోంచి దూరుతుందా అని కాపలా కాయడమే పని. 2001 ఏప్రిల్ 18న మొదటి జీఎస్ఎల్వీ లేచినప్పుడు తాను ఏ కుర్చీలో కూర్చున్నాడో, పక్కాయన ఎన్నిసార్లు దగ్గాడో ఇప్పటికీ చెబుతాడు, మనం అడక్కపోయినా.

అలాంటి మనిషికి మనవడు పాము రూపంలో పని తెచ్చిపెట్టాడు.

మనవడుండేది మిన్నియాపాలిస్. పెంచుకుంటున్నది బాల్ పైథాన్. పశ్చిమ ఆఫ్రికా జీవి, విషం లేదు, బెదిరితే తల లోపల దాచుకుని ఉండచుట్టుకుంటుంది. సంగతి తెలిసిన రోజు నామినల్ గారి భార్య గొడవేమీ చెయ్యలేదు. నాగులచవితికి తప్పకుండా పుట్టలో పాలు పోసే మనిషి. "పుట్టలో ఉండాల్సిందాన్ని పెట్టెలో పెట్టారు, సరే. దానికి కరెంటు బిల్లేందండీ?" అని మాత్రం అడిగింది.

అసలు చిక్కు అక్కడే. పాము మామూలుగా తన ఒంట్లో తాను వేడి పుట్టించుకోలేదు, బయటి నుంచి తెచ్చుకోవాల్సిందే. పెట్టెలో ఒక కొస 32 డిగ్రీలుండాలి, రెండో కొస 26 దగ్గర ఉండాలి; ఈ తేడానే నామినల్ గారి భాషలో గ్రేడియెంట్. కావలసినప్పుడు ఇటు, చాలనుకున్నప్పుడు అటు పామే జరుగుతుంది. తిన్నాక వెచ్చదనం చాలకపోతే మింగిన ఎలుకను కక్కేస్తుంది. అక్కడేమో జనవరి, బయట మంచు. మనవడి దగ్గరున్నది అద్దాల తొట్టి, పైన జల్లెడ మూత, దాని మీద 100 వాట్ల దీపం రాత్రింబగళ్లూ వెలుగుతోంది. రోజుకు 2.4 యూనిట్లు, నెలకు 72. "మన ఫ్రిజ్జు కూడా అంత తాగదే!" అందావిడ.

నామినల్ గారు మంకీ క్యాప్ సర్దుకుని వీడియో కాల్ ముందు కూర్చున్నారు. మన దగ్గరా జనవరే మరి, తెల్లవారుజామున 21 డిగ్రీలుంది, ఆయన లెక్కలో అది మంచు యుగం.

"ముందు ఆ మూత చూపించు. ఊఁ. వేడంతా జల్లెడలోంచి పైకి పోతోంది. నువ్వు పాముకి కాదురా, సీలింగుకి వేడి పెడుతున్నావు."

"మరి గాలాడొద్దా తాతయ్యా?"

"ఆడాలి. తుఫాను రానక్కర్లేదు."

వారం తిరిగేసరికి పథకం తయారైంది. వెనక, పక్కల బయటివైపు థర్మాకోల్ పలకలు. మూతలో సగానికి పైగా కప్పేసి, గాలికి సందు వదలడం. దీపం తీసేసి థర్మోస్టాట్‌తో నడిచే 40 వాట్ల హీటింగ్ ప్యానెల్, రాత్రిపూట కళ్లలో వెలుగు పడకుండా. రెండు కొసల్లోనూ ఒంటికి ఇరుగ్గా పట్టే గూడు ఒక్కొక్కటి, ఎందుకంటే విశాలమైన గది చూపిస్తే పాము సంతోషించదు, బెంగ పెట్టుకుని తిండి మానేస్తుంది. ప్యానెల్ రోజులో సగంసేపే పని చేస్తుందని వేసుకున్నా నెలకు 15 యూనిట్లు దాటదు. ఇంత చెప్పి, థర్మోస్టాట్ తీగ చివర జారిపోతే ఏమవుతుంది, మనవడి నాన్న ప్లగ్గు పీకేస్తే ఏమవుతుంది, అని మరో నాలుగు పేజీలు. థర్మోస్టాట్ లేని హీటరు మీద పాము పడుకుని ఒళ్లు కాల్చుకుంటుందన్న మాటను ఎర్ర సిరాతో గీశారు. అది మాత్రం పెద్దాయన చాదస్తం కాదు, నిజంగా జరిగేదే.

పుస్తకాలు చదివే అలవాటు కూడా ఉండటంతో మాకు విరామం దొరకలేదు. తల్లి కొండచిలువ గుడ్లను చుట్టుకుని కండరాలు వణికిస్తూ వేడి పుట్టిస్తుందట, న్యూయార్క్ జంతుప్రదర్శనశాలలో కొలిచి చూసి 1966లో ప్రకటించారట. "వాట్లు లేవు, వైర్లు లేవు!" అని పాల ప్యాకెట్ కోసం వచ్చిన నన్ను గంటసేపు నిలబెట్టారు. అంత ఇష్టమైతే ఇక్కడే ఒకటి పెంచుకోవచ్చుగా అన్నాను. మన దేశపు పాముల్ని ఇంట్లో పెట్టుకోవడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరమని మరో అరగంట.

మే నెలలో స్నానాలగదిలోంచి కేక వినపడింది. తడి గచ్చు మీద ఆరడుగుల జెర్రిపోతు. పాముల ఉష్ణశాస్త్రం మీద పేజీలకు పేజీలు రాసిన నామినల్ గారు మంచమెక్కి నిలబడ్డారు. పక్క వీధి యానాది పెద్దాయన వచ్చాడు. రాకెట్లు రాకముందు శ్రీహరికోట దీవిలో బతికినవాళ్ల మనిషి. "ఎండకి తాళలేక చల్లదనానికొచ్చింది సామీ. విషం లేదు. తలుపు తీసిపెట్టండి, పొద్దుగూకితే అదే పోద్ది" అన్నాడు. అలాగే పోయింది. మంచం దిగిన నామినల్ గారు ఆ మాట నోట్‌బుక్కులో ఎక్కించుకుంటూ "కరెక్టే, గ్రేడియెంట్" అన్నారు.

మిగిలిందొక్కటే లోటు: అక్కడ మంచు తుఫానులో కరెంటు పోతే? ఇన్వర్టరు, బ్యాటరీ, డాలర్లు, లెక్కలు రెండు రోజులు నడిచాయి. వంటింట్లోంచి ఆవిడ, "వేణ్నీళ్ల సీసా గుడ్డలో చుట్టి పక్కన పెట్టమనండి. మీ నడుంనొప్పికి పెట్టినట్టే" అంది. పాములు పెంచేవాళ్లు నిజంగా చేసేదీ అదే.

మనవడికి వెళ్లిన కాగితంలో అది "బ్యాకప్ సిస్టమ్-2" పేరుతో ఉంది. రూపకర్త పేరు దగ్గర నామినల్ గారి సంతకం. అది చూసిన ఆవిడ ఆ రాత్రి పప్పులో ఉప్పు వెయ్యలేదు. ఎలా ఉందని అడిగితే, నామినల్ అని చెప్పారట.