లఘుకాయ విజయము

అరవై అంగుళాల పసుపుపచ్చని మేనితో, కొసల ఇత్తడి తొడుగుల తళతళలతో, దర్జీ కంఠసీమను వైజయంతీమాలవలె అలంకరించి, కలెక్టరునూ కండక్టరునూ ఒకే అంగుళంతో కొలిచే టేపు మహాదేవీ! ముందుగా నీకు మొక్కి, ఒకానొక కృశాంగ మహావీరుడు రిసెప్షన్ సూటు కోసం బెజవాడ బజారు మీద దండెత్తిన వృత్తాంతం చెప్పబూనుకున్నాను. అక్షరదోషం, కుట్టుదోషం రెండూ కలగకుండా కాపాడు తల్లీ.

ఆ వీరుని ఆకారం ఎట్టిదనిన: నిలువు 5 అడుగుల 3 అంగుళాలు. బరువు 48 కిలోలు, అదీ భోంచేసి లేచాక. కంఠం 13½ అంగుళాలు, ఛాతీ 33, నడుము 26, ఈ భుజశిఖరం నుంచి ఆ భుజశిఖరానికి 15½. ఇంతేనా అని పెదవి విరిచే పాఠకులు ఒక్క క్షణం ఆగండి. యాగశాల గుమ్మంలో గొడుగు పట్టుకుని నిలబడ్డ పొట్టి వడుగును చూసి బలిచక్రవర్తి కూడా మూడడుగులేనా అని నవ్వాడు. పైగా మనవాడు ఇంజనీరింగ్ కాలేజీలో లెక్చరరు. అరవైమంది తుంటరులను ఒక్క కనుబొమ్మ ఎత్తి అణచగల ధీరుడు. అతనిలో లోపమంటూ ఉంటే అది ఒక్కటే, అతను పుట్టిన సంగతి కోట్లు కుట్టే కంపెనీలకు ఇంకా తెలియకపోవడం.

పెళ్లికి చిక్కులేదు. పెళ్లికి పంచె. పంచె వంటి ఉదారవస్త్రం ముల్లోకాల్లో మరొకటి లేదు. దానికి నంబరు లేదు, ఎక్సెల్ లేదు, భీముడు కడితే భీముడికి, నకులుడు కడితే నకులుడికి సరిపోతుంది. చిక్కంతా సాయంత్రంతో వచ్చింది. రోళ్లు పగిలే రోహిణి కార్తెలో, ఫంక్షన్ హాలు వేదిక మీద, వరుడనేవాడు మెడదాకా బిగించిన సూటులోనే సింహాసనం ఎక్కాలని ఏ స్మృతికర్త శాసించాడో గాని, ఆంధ్రదేశమంతా శిరసావహిస్తోంది. సూటు నిమిత్తం పిల్లనిచ్చే మామగారు తాంబూలంలో పెట్టి ఇచ్చిన ద్రవ్యం 10,000. అందులో రూపాయి దాటరాదని వీరుని భీష్మప్రతిజ్ఞ.

సారథి మేనమామ. వాణిజ్య పన్నుల శాఖలో జీవితకాలం బిల్లులు తిరగేసి రిటైరైన ఆ పుణ్యపురుషుడు, రాణా ప్రతాపుని గుర్రం పేరు పెట్టుకున్న తన బజాజ్ చేతక్‌ను ఒక పక్కకు ఒరిగించి, మళ్లీ నిటారుగా నిలిపి, ఒక్క కిక్కు కొట్టగానే ధూమధ్వజం లేచింది, దిక్కులు దద్దరిల్లాయి, వీధికుక్కలు జయధ్వానాలు చేశాయి. ఏలూరు రోడ్డుకూ బందరు రోడ్డుకూ నడుమ జనవాహినియై పొంగే బేసెంట్ రోడ్డు ఆనాడు ఎట్లున్నదనగా, తోపుడుబండ్ల తోరణాలతో, బనీన్ల పతాకలతో, రుమాళ్ల వింజామరలతో, చెరుకురసం మిషన్ల గజ్జెల గలగలలతో, ‘ఏదైనా వందే, ఏరుకో వందే’ అను వందిమాగధుల తారస్థాయి స్తోత్రపాఠాలతో పట్టాభిషేకానికి ముస్తాబైన రాజవీధివలె ఉన్నది. ఆ స్తోత్రాలలో తనకు పనికొచ్చే మాట ఒక్కటీ లేకపోయినా వీరుడు తలవంచి స్వీకరించాడు.

అద్దాల తలుపు తెరుచుకుంది. హిమవత్పర్వత గుహాముఖం నుంచి వీచినట్టు ఏసీ గాలి వీచింది. గుమ్మంలో తలలేని బొమ్మలు 40 నంబరు కోట్లు తొడుక్కుని, మొండేలతోనే యుద్ధం చేసే కబంధులవలె రొమ్ములు విరుచుకున్నాయి. వాటి వెనక హ్యాంగర్ల మీద శత్రుబలం: కుంభకర్ణుని కొలతకు కుట్టిన 44, అతని అంగరక్షకుడు 42, మహోదరుడు 40, మర్యాదస్థుడు 38, చిట్టచివర గోడమూల ఏకాకిగా, ధూళిధూసరితమై 36. అంతటితో సైన్యం సమాప్తం. ఆ దిగువన శూన్యం. 34 అనే అంకెను ఎవరో ఎక్కాల పుస్తకంలోంచి చింపేసినట్టుంది.

“మీకు థర్టీసిక్స్ కరెక్ట్ సార్,” అన్నాడు సేల్స్‌మన్.

వీరుడు కోటు తొడిగాడు. కాదు, కోటే వీరుణ్ని మింగింది. అగస్త్యుడు సముద్రాన్ని తాగిన కథ పురాణాల్లో ఉంది. సముద్రం అగస్త్యుణ్ని తాగడం ఆ అద్దంలో కనబడింది. భుజాల దిండ్లు అసలు భుజాలను దాటి గాలిలోకి ప్రయాణించాయి. చేతులు ద్రౌపది చీరవలె వస్తూనే ఉన్నాయి, చివర వేళ్లు మాత్రం రాలేదు. కాలరు మెడను అంటకుండా ఎడంగా నిలబడింది. అంచు సగం తొడల దాకా దిగి అక్కడ మజిలీ చేసింది.

అప్పుడు సేల్స్‌మన్ మాయాయుద్ధం మొదలుపెట్టాడు. ఇంద్రజిత్తు మబ్బుల చాటున నిలిచి శరవర్షం కురిపించినట్టు, వీరుని వీపు చాటున నిలిచి, మిగిలిన గుడ్డనంతటినీ ఎడమ పిడికిట బిగించి, కుడిచేత్తో అద్దం చూపిస్తూ, “చూడండి సార్, కుట్టినట్టుంది!” అని సింహనాదం చేశాడు. నిజంగానే కుట్టినట్టుంది. ఆ పిడికిలి ఉన్నంతసేపూ భూమండలంలో దానికి సాటి కోటు లేదు.

“రిసెప్షన్ అయ్యేదాకా మీరు కూడా స్టేజీ మీద మావాడి వెనకే నిలబడతారా అండీ?” అన్నాడు మేనమామ.

పిడికిలి సడలింది. కోటు మళ్లీ సముద్రమైంది.

“ఆల్టరేషన్ ఫ్రీ సార్” అన్నది రెండో అస్త్రం. ఇక్కడ ధర్మసూక్ష్మం ఒకటి చెప్పకుండా కథ నడపలేను. కోటుకు పక్కకుట్లు లోపలికి తీయవచ్చు, చేతులు పొట్టి చేయవచ్చు. భుజం మాత్రం దుర్గద్వారం. దాన్ని తగ్గించాలంటే చేతులు ఊడదీసి, దిండ్లు పెరికి, లోపలి కాన్వాసు కోసి, కోటుకు పునర్జన్మ ఎత్తించాలి. ఆ కూలి పెడితే కొత్తదే కుట్టించుకోవచ్చు. నిడివి సంగతీ అంతే: అంచును బాగా పైకి మడిస్తే జేబులు కిందికి దిగిపోయి అంచుమీద కూర్చుంటాయి. ఇక 36 కోటుకు జోడుగా వచ్చే ప్యాంటు నడుము 30. దాన్ని 26కు బిగించారనుకోండి, వెనక జేబులు రెండూ చిరవిరహానంతరం కలుసుకున్న దమయంతీ నలులవలె ఒకదాన్నొకటి గాఢాలింగనం చేసుకుంటాయి. కూర్చోవలసినవాడికి ఆ శృంగారం ఏమంత హాయి కాదు.

“పోనీ సార్, పైన కిడ్స్ సెక్షన్‌లో ఒకసారి...”

సభ స్తంభించింది. ఫ్యాను రెక్కలు కూడా ఆగాయంటారు చూసినవాళ్లు. కానీ ధీరుడు అవమానాన్ని కంఠంలోనే నిలిపి, మెట్లెక్కి, పదహారేళ్ల బాలుర కోటు తొడిగాడు. భుజం అచ్చంగా అతికింది! ఆహా అనుకునేంతలో, రొమ్ము మీద బంగారు జరీతో రెండు సింహాలు కిరీటం మోస్తూ ప్రత్యక్షమయ్యాయి. గుండీలు ఇత్తడి సూర్యబింబాలై మండాయి. చంకలో ఊపిరికి సైతం సందులేదు.

“ఒరేయ్ అల్లుడూ, దీంతో స్టేజీ ఎక్కితే ‘బాబూ, పెళ్లికొడుకేడీ’ అని మీ మామగారు నిన్నే అడుగుతాడు. దిగు.”

దిగి 36 ధర చీటీ చూస్తే 12,999. పక్కనున్న 44కూ అదే. అంటే కుంభకర్ణుని గుడ్డకు లఘుకాయుడు కప్పం కడుతున్నాడన్నమాట! మేనమామలో నిద్రిస్తున్న పన్నుల శాఖ జూలు విదిల్చింది. “2025 సెప్టెంబరు 22 నుంచి 2,500 దాటిన రెడీమేడ్ మీద 18 శాతం జీఎస్టీ రా. గుడ్డ మీద 5. ఇక్కడ మనకేం పని, వన్‌టౌన్ పోదాం పద.”

చేతక్ వన్‌టౌన్ చేరేలోగా ఒక సందేహం తీర్చుకుందాం. ఆ 36 అసలు ఎవరి ఛాతీ? మన రెడీమేడ్ నంబర్లకు చిరకాలంగా ఇంగ్లండు, అమెరికా, యూరపుల కొలతల పట్టికలే మూలవిరాట్టులు. ఆ లోటు తీర్చాలనే కేంద్ర జౌళి శాఖ, ఫ్యాషన్ విద్యాసంస్థ నిఫ్ట్ కలిసి ‘ఇండియాసైజ్’ అనే మహాయజ్ఞం తలపెట్టాయి. హైదరాబాదు సహా ఆరు నగరాల్లో, 15 నుంచి 65 ఏళ్ల వాళ్లను 25 వేలమందిని త్రీడీ స్కానర్ల ముందు నిలబెట్టి మన దేహాలను మన అంకెల్లోనే రాయాలన్నది సంకల్పం. శుభం. ఆ యజ్ఞఫలం హ్యాంగర్ల మీదికి దిగేదాకా ముహూర్తం ఆగదు కదా.

వన్‌టౌన్‌లోని వస్త్రలత బట్టల మార్కెట్లో తానులు తెరుచుకున్నాయి. ఒక్కొక్క తాను బల్ల మీద దొర్లి విప్పుకుంటుంటే కృష్ణా బ్యారేజీ గేట్లు వరసగా ఎత్తినట్టుంది. నీలిమేఘశ్యామమైన టెర్రీ రేయాన్, 58 అంగుళాల పన్నా, మీటరు 700. మామూలు మనిషి సూటుకు మూడు మీటర్లు, మూడుంపావు పడుతుంది, మనవాడికి 2.75 చాలునన్నారు. లాఘవం లాభమైన శుభఘడియ అది! మిగిలిన అర మీటరును మేనమామ శత్రువు నుంచి గెలిచిన ఏనుగులా చూసుకున్నాడు, అది కొనలేదు కాబట్టి కంటికి కనబడకపోయినా సరే.

కాళేశ్వరరావు మార్కెట్ దగ్గరి సందులో మాస్టారు. డెబ్భై ఏళ్ల వయసు, ముక్కు కొసన కళ్లజోడు, పాదాల కింద కుట్టుమిషన్ తొక్కుడు. ఆయన వీరుని ముఖం చూడలేదు, పేరు అడగలేదు, వెనక్కి తిప్పి భుజాలవైపు చూసి, “కుడిది అర అంగుళం దిగింది బాబూ. బ్యాగు ఆ పక్కే తగిలిస్తావా?” అన్నాడు. త్రికాలజ్ఞానమంటే ఇదీ. తరువాత టేపు మహాదేవి అవతరించింది. ఆయన “షోల్డర్ పదిహేనున్నరా” అంటే, మూలన కుర్రాడు “పదిహేనున్నరా” అని రాసుకున్నాడు. “ఛాతీ ముప్పైమూడూ” అంటే “ముప్పైమూడూ” అన్నాడు. వేదపాఠశాలలో గురుశిష్యుల సంత లాగా సాగిన ఆ ఘోషలో ఒక్క అంకె దగ్గరా నవ్వు లేదు, జాలి లేదు, కిడ్స్ సెక్షన్ లేదు.

“కొంచెం లూజు పెట్టండి మాస్టారూ, లావుగా కనబడతాను,” అన్నాడు వీరుడు, బేలగా.

“సన్నటోళ్లు లూజేస్తే ఇంకా సన్నంగా కనబడతారు బాబూ. కోటు నిడివి మెడ ఎముక నుంచి నేలకి సగం. చంక పైకి కోస్తా, చెయ్యెత్తితే చెయ్యే లేవాల, కోటు లేవగూడదు. భుజానికి పల్చటి దిండు. చొక్కా కఫ్ అర అంగుళం కనబడాల.” ఇది గీతోపదేశం. వీరుడు విషాదయోగం వదిలి నిటారుగా నిలబడ్డాడు.

ట్రయల్ నాడు ఆ కోటు ఒంటిచేతితో, తెల్లదారపు కచ్చాకుట్లతో, సుద్దగీతల విభూతిరేఖలతో, గాయాలు మానని యోధునివలె వచ్చింది. మాస్టారు పెదవుల నడుమ గుండుసూదుల అంపపొది. ఒక్కొక్క సూది తీసి, గురిచూసి, గుచ్చితే కోటు ఒక్కొక్క అబద్ధం మానేసింది. కర్ణునికి కవచం పుట్టుకతో వచ్చింది. మనవాడికి రెండో ట్రయల్‌తో వచ్చింది. కాలరు మెడను హత్తుకుంది. భుజం భుజం దగ్గరే ఆగింది. వేళ్లు వెలుగు చూశాయి.

రిసెప్షన్ నాడు చెమట ధారాపాతంగా కారింది, అది రోహిణి కార్తె ధర్మం. కోటు మాత్రం కదల్లేదు. పిల్లనిచ్చిన మామగారు పెళ్లికొడుకును మొదటి చూపులోనే గుర్తుపట్టారు.

గుడ్డ 1,925. లైనింగుతో కుట్టుకూలి 5,500. పదమూడున్నర కాలరుతో తెల్లచొక్కా 1,400. వెరసి 8,825. మిగిలిన 1,175 చేతక్ పెట్రోలుకూ, చెరుకురసానికీ, మేనమామ మర్యాదలకూ చెల్లు.

కాబట్టి 36కు దిగువన నివసించే సోదరులారా, రెడీమేడ్ కొంటే ముందు భుజం చూడండి, అక్కడ కుదరకపోతే ఎంత తగ్గింపు ఇచ్చినా వదిలేసి రండి. కుట్టించుకుంటే మాత్రం ముహూర్తానికి నెల ముందే మాస్టారు దగ్గరికి పొండి. లగ్నాలు మొదలయ్యాక ఆయన ఎవ్వరికీ ట్రయల్ ఇవ్వడు.