రెక్కలొచ్చిన 800

మారుతి 800 తయారీ 2014 జనవరిలోనే ఆగిపోయింది. ఆ కబురు రామచంద్రపురం కుర్రాళ్లకు ఇంకా అందినట్టు లేదు.

1983లో తొలి కారు తాళం ఇందిరాగాంధీ చేతుల మీదుగా ఇచ్చిన మోడల్ ఇది. ఇంజిన్ 796 సీసీ, మూడు సిలిండర్లు. కుర్రాళ్లు వెనక బిగించిన రెక్క మాత్రం విమానానిది. ద్రాక్షారామం రోడ్డులో వడ్ల ట్రాక్టరు అడ్డొస్తే ఆ రెక్క ఎందుకూ కొరగాదు.

కిందికి దించిన బండి కదా, స్పీడు బ్రేకరు రాగానే స్నేహితులంతా దిగి నడుస్తారు. ఓనరు ఒక్కడే దర్జాగా దాటిస్తాడు.

తయారీదారు ఇచ్చిన లక్షణాలు మార్చొద్దని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతూనే ఉంది. వినపడాలంటే ముందు ఆ సైలెన్సర్ మోత ఆగాలి.

పదిహేనేళ్లు దాటిందిగా, రిజిస్ట్రేషన్ పొడిగింపు రుసుము కట్టమంటే మాత్రం, ‘పాత డొక్కు బండండీ, కాస్త తగ్గించండి, ఆయ్!’