తాడు లేని లంగరు: మీ పడవకి మీరే చేసుకునే పద్ధతి

లంగరు చదువుకోనివాళ్ల కోసం పుట్టింది. ఒక ఇనప కొక్కెం, దానికి గొలుసు, గొలుసుకి మోకు. నీటి లోతుకి అయిదు నుంచి ఏడు రెట్ల పొడవున మోకు వదలాలని, అప్పుడే లాగుడు ఏటవాలుగా పడి కొక్కెం అడుగున మట్టిలో దిగబడుతుందని పాతకాలపువాళ్లు చెబుతారు. అంతే. ప్రోగ్రామింగ్ లేదు, సెట్టింగులు లేవు, అప్‌డేట్లు లేవు. బీటెక్ చదివి, హెచ్1బీ మీద వచ్చి, మిన్నెసోటాలో ఇల్లు కట్టుకుని, ఆ పైన ఒక చిన్న అల్యూమినియం పడవ కూడా కొన్నవాడు నీళ్లలోకి ఇనుము విసిరి ఊరుకుంటే ఆ చదువంతా ఏమైనట్టు?

అందుకే జీపీఎస్ లంగరు. బటన్ నొక్కితే పడవ ఉన్న చోటు గుర్తుపెట్టుకుంటుంది. గాలికి పడవ పక్కకి జరిగితే ఎలక్ట్రిక్ మోటారు తనంతట తానే తిరిగి మళ్లీ అక్కడికి తీసుకొస్తుంది. మోకు తడవదు, చేతులకి బురద అంటదు. పొరుగునే నార్త్ డకోటాలోని ఫార్గోలో 1934లో పుట్టిన మిన్ కోటా కంపెనీ 2010 నుంచి ఇలాంటివి అమ్ముతోంది. బాగానే పనిచేస్తాయంటారు. కొనకండి. కొన్న వస్తువు పనిచేస్తే అందులో మీ గొప్పేముంది?

ఇది అయ్యే పనేనా అని ఇంట్లో అడిగితే 1961 సంగతి చెప్పండి. ఆ ఏడు మోహోల్ ప్రాజెక్టు కోసం మెక్సికోకి చెందిన గ్వాడలూప్ దీవి దగ్గర కస్-1 అనే ఓడ సముద్రం అడుగున రంధ్రం వేసింది. ఓడకి నాలుగు మోటార్లు బిగించి, చుట్టూ వదిలిన బోయాలను రాడార్‌లోనూ సోనార్‌లోనూ చూసుకుంటూ, మనుషులే వాటిని తిప్పుతూ ఓడని ఒక్కచోట నిలబెట్టారు. అదే ఏడు షెల్ కంపెనీ తన యురేకా ఓడలో ఆ పనిని యంత్రానికే అప్పగించింది. కస్-1 మీద రచయిత జాన్ స్టైన్‌బెక్ కూడా ఉన్నాడు, లైఫ్ పత్రికకి ఆ కథంతా రాశాడు. మీ పడవ మీద బావమరిది ఉంటే చాలు, ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపుకి రాస్తాడు. గ్వాడలూప్ దగ్గర లోతు మూడున్నర కిలోమీటర్లు, అంత లోతున లంగరు వేసే దారి లేకనే వాళ్లు ఆ తిప్పలు పడ్డారు. మీరు చేపల వేటకెళ్లే మిల్ లాక్స్ సరస్సు లోతు ఎంత వెతికినా నలభై అడుగుల పైచిలుకే. ఆ తేడా ఎవరికీ చెప్పకండి.

ముందు జీపీఎస్. నియో-6ఎం మాడ్యూలు చవగ్గా దొరుకుతుంది. దాని డేటాషీట్లో కచ్చితత్వం 2.5 మీటర్లు అని ఉంటుంది, పక్కనే సీఈపీ అని మూడక్షరాలు. సగం రీడింగులు ఆ 2.5 మీటర్ల వలయంలో పడతాయని వాటి అర్థం. మిగతా సగం ఎక్కడ పడతాయో డేటాషీట్ చెప్పలేదు, మీరూ అడక్కండి. మాడ్యూలుని ల్యాప్‌టాప్‌కి తగిలించి వంటింటి కిటికీలో పెట్టి రాత్రంతా వదిలేయండి. పొద్దున్నే మ్యాప్ తెరిస్తే కిటికీ దగ్గర చుక్కల గుంపు ఒకటి కనిపిస్తుంది. ఆ గుంపులోంచి ఒక గీత బయల్దేరి గరాజ్ మీదుగా పక్కింటివాళ్ల డెక్ ఎక్కి, వాళ్ల గ్రిల్ దగ్గర కాసేపు నిలబడి, మొక్కల్లోంచి తిరిగి వచ్చి ఉంటుంది. సంకేతాలు గోడలకి తగిలి వంకర దారిన రావడం వల్ల ఇలా అవుతుంది. ఇల్లు కదల్లేదని మీకు తెలుసు కాబట్టి నవ్వుకుంటారు. పడవ కదిలిందో లేదో మీకు తెలియదు కాబట్టి సరస్సులో ఆ నవ్వులాట కూడా ఉండదు, నిశ్చింత.

లెక్కలు చెయ్యడానికి ఆర్డుయినో ఊనో అనే చిన్న కంప్యూటర్ బోర్డు. అక్షాంశ రేఖాంశాలను ఫ్లోట్‌గా, అంటే దశాంశ సంఖ్యలుగా, దాచుకోండి. తొంభై మూడు డిగ్రీల రేఖాంశాన్ని ఫ్లోట్‌లో పెడితే ఒక అంకెకీ దాని తర్వాతి అంకెకీ మధ్య దూరం ఇక్కడి నేల మీద అరవై సెంటీమీటర్లకి కాస్త తక్కువ, అంటే మీ పడవ ప్రపంచంలో గంతులేస్తూనే బతకాలి. డబుల్ అని రాస్తే బాగుపడుతుందని ఎవరో అంటారు. ఊనోలో డబుల్ కూడా నాలుగు బైట్లే, ఫ్లోట్‌కీ దానికీ పేరులో తప్ప తేడా లేదు. అయినా రాయండి, కోడ్ చూసినవాళ్లు మెచ్చుకుంటారు. డిగ్రీలను కోటితో హెచ్చించి పూర్ణాంకాలుగా దాచుకుంటే ఈ బాధే ఉండదని తెలిసినవాళ్లు చెబుతారు గానీ, పూర్ణాంకాలు అయిదో తరగతి పాఠం.

ఇప్పుడు అసలు సంగతి, దిక్సూచి. పడవ ఎటు జరిగిందో జీపీఎస్ చెబుతుంది, పడవ ముక్కు ఎటు తిరిగి ఉందో చెప్పదు. నడుస్తున్నప్పుడు దిశ ఇస్తుంది గానీ, నిలబడ్డాక అది ఇచ్చే దిశకి అర్థం లేదు, క్షణానికో వైపు చూపిస్తుంది. మీ యంత్రం చెయ్యాల్సిన పనేమో నిలబడ్డమే. కనుక అయస్కాంత దిక్సూచి సెన్సర్ ఒకటి కావాలి, దాన్ని ఎక్కడ పెడతారన్నదే మీ తెలివికి పరీక్ష. బోర్డు మీదే, బ్యాటరీ నుంచి మోటారుకి వెళ్లే కేబుల్ మీదుగా పెట్టండి, తీగ ఖర్చు కలిసొస్తుంది. 1820లో ఆయెర్‌స్టెడ్ అనే శాస్త్రవేత్త తీగలో కరెంటు పంపితే పక్కనున్న దిక్సూచి ముల్లు తిరిగింది. ఆ ప్రయోగాన్ని మీరు పడవలో ఉచితంగా చూడొచ్చు. యాభై ఆంపియర్లు పారే ఒంటి తీగకి పది సెంటీమీటర్ల దూరంలో వంద మైక్రోటెస్లాల అయస్కాంత క్షేత్రం ఉంటుంది. భూమిది ఎక్కడ కొలిచినా అరవై ఆరు, అరవై ఏడుకి మించదు. పాజిటివ్ తీగనీ నెగటివ్ తీగనీ మెలిపెట్టి నడిపితే రెండూ ఒకదాన్నొకటి చాలావరకు కొట్టేసుకుంటాయి. అందుకే మెలిపెట్టొద్దు. ఒక్కోటీ ఒక్కో దారిన పోనివ్వండి, చూడ్డానికి విశాలంగా ఉంటుంది.

ఫలితం చూడముచ్చటగా ఉంటుంది. పడవ కాస్త జరుగుతుంది. మోటారు తిరుగుతుంది. మోటారు తిరగ్గానే ఉత్తరం పక్కకి జరుగుతుంది. యంత్రం తప్పు దిక్కుకి నెడుతుంది, దూరం ఇంకా పెరుగుతుంది, మోటారు ఇంకా గట్టిగా తిరుగుతుంది, ఉత్తరం ఇంకా జరుగుతుంది. కాసేపటికి మీ పడవ లంగరు చోటు చుట్టూ అరుణాచలంలో గిరిప్రదక్షిణ చేసే భక్తుడిలా తిరుగుతూ ఉంటుంది, తేడా ఏమిటంటే చుట్టు చుట్టుకీ కొండకి దూరమవుతుంది. డ్రోన్లు ఎగరేసేవాళ్లు దీన్ని టాయిలెట్ బౌల్ అంటారు. వాళ్లకి భక్తి తక్కువ.

మోటారుని పడవ వెనకే బిగించండి. వెనక బల్ల సిద్ధంగా ఉంటుంది, మీరూ అక్కడే కూర్చుంటారు, కనిపెట్టుకుని ఉండొచ్చు. అమ్మే కంపెనీలు ముక్కుకి బిగించమంటాయి. ముక్కు దగ్గర పట్టుకుంటే పడవ దానంతటదే గాలికి ఎదురు తిరిగి కుదురుకుంటుందని, అలని ముక్కు చీలుస్తుందని వాళ్ల వాదం. భీమిలిలో ఫైబర్ బోటు నడిపే మా ఆవిడ బాబాయి కూడా వీడియో కాల్లో చూసి అదే అన్నాడు. “ఏటి బాబూ, అణియానికి కట్టాలి గానీ అమరానికి కడతారేటి? నీళ్లెక్కేస్తాయి గదా!” ఆయన దగ్గరా జీపీఎస్ ఉంది. చేపలు పడ్డ చోటు గుర్తుపెట్టుకోడానికి మాత్రం వాడి, ఆ చోటికి వెళ్లాక లంగరే వేస్తాడు. చేతిలో శాటిలైట్లు పెట్టుకుని ఇనుము విసిరేవాడి మాట మనకెందుకు? మిల్ లాక్స్ విశాలమైన సరస్సు, లోతు లేదు, గాలి లేస్తే అలలు పొట్టిగా నిటారుగా ఒకదాని వెనక ఒకటి వస్తాయి. వెనక బల్ల నీటికి జానెడు ఎత్తున ఉంటుంది. యంత్రం పడవని వెనక్కి, అంటే అల మీదికి లాగుతుంది. మొదటి అల మీ చెప్పులు తడుపుతుంది, రెండోది ఎరల డబ్బాని తేలుస్తుంది, మూడోది బ్యాటరీ పెట్టె దాకా వస్తుంది. “బావా, ఇది కూడా ప్రోగ్రాంలో ఉందా?” అని బావమరిది అడుగుతాడు. ఉందని చెప్పి, పెరుగు డబ్బా ఒకటి చేతికిచ్చి నీళ్లు తోడమనండి.

కరెంటు విషయంలో ఎక్కువ చదవొద్దు. 55 పౌండ్ల తోపు ఉన్న పన్నెండు వోల్టుల మోటారు గట్టిగా తిరిగితే యాభై ఆంపియర్ల దాకా లాగుతుంది. బీటీఎస్7960 డ్రైవర్ బోర్డు మీద 43 ఆంపియర్లని రాసి అమ్ముతారు. అది చిప్ తట్టుకోగల హద్దు, ఆ చిన్న బోర్డు సన్న రాగి దారుల మీద గంటల తరబడి అంత మోయలేదు. యాభైకీ నలభై మూడుకీ తేడా ఏడే కదా, సర్దుకుంటుంది. ఫ్యూజు వద్దు, పొగ రావడానికి అడ్డం. వంద ఆంపియర్ అవర్ల బ్యాటరీని యాభైతో భాగిస్తే రెండు గంటలు. లెడ్ బ్యాటరీ గట్టిగా లాగేకొద్దీ చెప్పినంత ఇవ్వదు, సగానికి మించి దించితే త్వరగా పాడవుతుంది, పైగా తిరిగి ఒడ్డుకి రావాల్సిందీ దాని మీదే. ఆ మూడూ లెక్కలోకి రానివ్వకండి, రెండు గంటలే గుర్తుంచుకోండి.

ఇక కోడ్‌లో ఒక్క సూత్రం: దూరం ఎంతో దానికి తగ్గ తోపు, వీలైనంత ఎక్కువ. ఆర్డుపైలట్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో పడవలకి లాయిటర్ పద్ధతి ఉంది. అనుకున్న చోటు చుట్టూ రెండు మీటర్ల వలయం గీసుకుని, అందులో ఉన్నంతసేపు పడవని ఊరికే తేలనిస్తుంది, దాటితేనే మోటారు తిప్పుతుంది. దీన్ని బద్ధకం అంటారు. మీ మోటారు సెకనుకోసారి, జీపీఎస్ కొత్త అంకె ఇచ్చినప్పుడల్లా ఉలిక్కిపడాలి. ముందుకి, వెనక్కి, ముందుకి. చేపలు పారిపోతాయనుకోకండి, ముందు గేలపు దారం పోతుంది. సన్నటి నైలాన్ దారం ప్రొపెల్లర్ వెనక ఇరుసుకి చుట్టుకుంటే పైకి ఏమీ కనబడదు. లోపల రబ్బరు సీలుని కోసేస్తుంది, మోటారులోకి నీళ్లు వెళ్తాయి. నట్టు విప్పి చూసే అలవాటు ఉన్నవాళ్లకి ఇది ముందే దొరికిపోతుంది. మీరు విప్పకండి.

రాత్రి అక్కడే ఉండాలనిపిస్తే లంగరు దీపం వెలిగించి నిద్రపోండి. 1972 అంతర్జాతీయ నౌకా నిబంధనల్లో మూడో నియమం ప్రకారం లంగరు వేసి, ఒడ్డుకి కట్టేసి, లేదా నేలకి తగులుకుని ఉంటే తప్ప ప్రతి ఓడా ప్రయాణంలో ఉన్నట్టే లెక్క. జీపీఎస్ నిలబెట్టిన పడవ ఈ మూడింట్లో దేనికిందికీ రాదు, కాబట్టి కాపలా కాస్తూ మెలకువగా ఉండాలి. సరస్సులో ఎవరు చదివారు అదంతా?

చివరిగా ఒక చిక్కు, దానికి మందు. సన్న తీగలతో, ఒకే బ్యాటరీ మీద అన్నీ నడిపితే మోటారు ఒక్కసారిగా గుంజినప్పుడు వోల్టేజి పడిపోయి ఆర్డుయినో రీసెట్ అవుతుంది. లేచీ లేవగానే ఉన్న చోటునే కొత్త లంగరుగా రాసుకుంటుంది. పడవ కిలోమీటరు కొట్టుకుపోయినా తెర మీద తప్పు సున్నా మీటర్లు. నాకైతే ఇదే నచ్చింది, కానీ బావమరిదికి తృప్తి లేదు. అలాంటివాళ్ల కోసం లంగరు చోటుని ఈఈప్రోమ్‌లో దాచండి, కరెంటు పోయినా చెరగదు. చెరిపే బటన్ పెట్టొద్దు, మోటారు తీగ లాగేసే స్విచ్ అసలే వద్దు. వచ్చే ఆదివారం మిన్నెటాంకా సరస్సులో పడవ దింపి స్విచ్ వేస్తారు. యంత్రానికి పోయిన వారం మిల్ లాక్స్‌లో వేసిన లంగరు గుర్తుంది, ఉత్తరాన నూట నలభై కిలోమీటర్లు. తప్పు అంత పెద్దది కాబట్టి మోటారు పూర్తి జోరుతో బయల్దేరుతుంది. కంగారు పడకండి, దారి సరైనదే. మధ్యలో ఆసామి ఒకాయన డాక్ వేసుకుని, దాని చివర కుర్చీలో కూర్చుని కాఫీ తాగుతుంటాడు. ఆయనకి మాత్రం ముందే చెయ్యి ఊపండి.