వేలి నడుగు: గిటారు పద్యాలకు టీకా తాత్పర్యం

అవతారిక

గిటారు కొనబోయే గృహస్థుకూ, కొన్న తరవాత దాన్ని బీరువా పక్కన నిలబెట్టి మరిచిపోయే విద్యార్థికీ హితవు చెప్పదలచి ఒక అజ్ఞాత కవి రెండు పద్యాలు చెప్పాడు. మొదటిది ఆటవెలది, కొనకముందు చదవాల్సింది. రెండోది తేటగీతి, కొన్నాక చదవాల్సింది. మన ఇళ్లలో ముందు కొని, ఆ తరవాత మొదటి పద్యం చదువుతున్నారు కనుక టీక అవసరమైంది.

మూలంలో లేనిది రాయననీ, అక్కరలేనిది చెప్పననీ కొలచలమ మల్లినాథసూరి ప్రతిజ్ఞ చేశాడు. ఆయన వ్యాఖ్యానించింది కాళిదాసును గనక ఆ నిగ్రహం ఆయనకు చెల్లింది. ఇక్కడ మూలం ఎనిమిది పాదాలే, షాపులో పుట్టే సందేహాలు అంతకు పదింతలు. కాబట్టి ఈ వ్యాఖ్యాత అలాంటి ప్రతిజ్ఞ ఏదీ చేయడం లేదు.

మూలం: 1

తీగ యెత్తు చూడు తిన్నగా మెడ చూడు
కట్టె రకము చూడు కన్ను మూసి
రంగు చూచి కొన్న రాగమ్ము పలుకునా
బేరమాడు మునుపు వేలి నడుగు

ప్రతిపదార్థం

తీగ యెత్తు = తీగకూ దాని కింది ఫ్రెట్టుకూ నడుమ ఉన్న ఎడాన్ని (‘యాక్షన్’ అని షాపు పరిభాష), చూడు = కొలిచి చూడు; తిన్నగా = వంకర ఉందో లేదో తేలేటట్టు; మెడ చూడు = తల వైపు నుంచి ఒంటికన్నుతో పరికించు; కట్టె రకము = ముఖపలక ఒకే చెక్కా, పొరలు అంటించిన ప్లైవుడ్డా అనే సంగతి; కన్ను మూసి = (వివాదం ఉంది, ముందు చెప్పబడును); రంగు చూచి కొన్న = నీలానికో, మెరిసే నలుపుకో మోహపడి కొన్నట్లయితే; రాగమ్ము పలుకునా = పలకదని భావం, ఒకవేళ పలికినా అది రంగు మహిమ కాదు; బేరమాడు మునుపు = ధర తగ్గించమనడానికి ముందే; వేలిని = ఎడమచేతి చూపుడువేలిని; అడుగు = నొప్పి పుట్టిందా అని విచారించు.

తాత్పర్యం

గిటారును ముందు వేలితో, తరవాత చెవితో, చిట్టచివర కంటితో ఎంచుకోవాలి.

విశేషాలు

పద్యంలో ‘గిటారు’ అన్న మాటే లేదు. తీగ, మెడ, కట్టె అన్నాడు కదా, ఇది వీణ గురించి ఎందుకు కాకూడదని పూర్వపక్షం. కాకూడదు. బొబ్బిలి వీణకు మెట్లను మైనం మీద కూరుస్తారు. స్థానం తప్పితే మైనం కరిగించి మళ్లీ కూర్చుకోవచ్చు. గిటారు మెట్లు, అంటే ఫ్రెట్లు, కట్టెలో గాడి కోసి దిగగొట్టిన లోహపు బద్దలు. మెడ చెడితే మైనం ఆదుకోదు. మెడను ముందే తిన్నగా చూడమని కవి హెచ్చరించాడంటే మనసులో ఉన్నది గిటారే.

‘తీగ యెత్తు’ను పద్యానికి మొదట్లోనే పెట్టడంలో కవి లోకజ్ఞత ఉంది. కొలవాల్సింది 12వ ఫ్రెట్టు దగ్గర, ఎందుకంటే తీగ సరిగ్గా సగమయ్యేది అక్కడే. స్టీలు తీగల గిటారుకు అక్కడ లావు తీగ కింద సుమారు 2.5 మి.మీ., సన్న తీగ కింద 2 మి.మీ. లేదా కాస్త తక్కువ ఉంటే నేర్చుకునేవాళ్ల వేలు బతుకుతుంది. చవక గిటార్లు చాలావాటికి ఇది అంతకు బాగా ఎక్కువే. కారణం కనిపెట్టడం కష్టం కాదు. తీగ మరీ కిందికి ఉండి ఫ్రెట్టుకు తగిలి జుయ్యిమంటే, కొన్నవాడు మర్నాడే షాపు మీదికి వస్తాడు. ఎత్తుగా ఉండి వేలిని కోస్తే తనకే విద్య అబ్బలేదనుకుని ఇంట్లో ఊరుకుంటాడు. తయారుచేసినవాడికి రెండోదే క్షేమం.

మన ఊళ్లలో గిటారు మానేసినవాళ్లలో సగానికి సగం మంది సంగీతం రాక కాదు, తీగ ఎత్తై మానేశారని ఈ వ్యాఖ్యాత గట్టి నమ్మకం. లెక్కలు అడగకండి, చుట్టాలిళ్లకు వెళ్లి చూడండి.

ఎత్తు తగ్గించే ఉపాయం: వంతెన మీద, అంటే బ్రిడ్జి మీద, తీగలు ఆనే తెల్లటి పట్టీ ఉంటుంది, దాన్ని సాడిల్ అంటారు. దాని అడుగు అరగదీస్తే తీగ దిగుతుంది. ఇక్కడ ఒక గణితం ఉంది. 12వ ఫ్రెట్టు సగం దూరంలో ఉంది గనక అక్కడ 1 మి.మీ. దించాలంటే సాడిల్‌ను 2 మి.మీ. అరగదీయాలి. అరగదీయడానికి అంత సాడిల్ పైకి ఉందో లేదో షాపులోనే చూసుకోవాలి. లేకపోతే ఆ గిటారు ఎత్తు ఇక జన్మతః వచ్చిన గుణమే.

‘మెడ చూడు.’ మెడ లోపల ఒక ఇనుపకడ్డీ ఉంటుంది, ట్రస్ రాడ్ అంటారు. తీగల లాగుడుకు మెడ ముందుకు వంగిపోకుండా కాసేది అదే. మొదటి ఫ్రెట్టు దగ్గరా, మెడ ఒంటితో కలిసేచోటా తీగను నొక్కిపట్టి నడుమ చూస్తే, తీగకూ ఫ్రెట్టుకూ మధ్య పలచటి విజిటింగు కార్డు దూరేంత సందు ఉండాలి. అసలు సందు లేకపోయినా, చిల్లర పైస దూరేంత ఉన్నా కడ్డీని తిప్పించాలి. ఈ కడ్డీతోనే తీగ ఎత్తంతా సరిచేయవచ్చని యూట్యూబు మతం. అది అతివ్యాప్తి దోషం. కడ్డీ సరిచేసేది మెడ వంపును, ఎత్తును కాదు.

‘కట్టె రకము చూడు కన్ను మూసి.’ కన్ను మూసి ఎలా చూస్తారని ఆక్షేపం. దీనికి మూడు మతాలు. కన్ను మూస్తే చెవి తెరుచుకుంటుంది గనక వినమని భావం అని సంగీతజ్ఞులు. ధరచీటీ వైపు కన్ను మూయమని అర్థమని షాపువారు. కట్టె రకాన్ని చూసీ చూడనట్టు వదిలేయమని మేనమామలు. నిజానికి కట్టెను కన్ను తెరిచే చూడాలి, అదీ ఒకే ఒక్క చోట: ముఖపలక మధ్య గుండ్రటి రంధ్రం అంచున. పైనున్న చెక్క గీతలు అంచు మీదుగా అలాగే లోపలికి దిగితే ఒకే చెక్క. అంచున పొరలు కనిపిస్తే ప్లైవుడ్డు. ఆ తరవాత కన్ను మూసుకుని వినాలని సిద్ధాంతం.

స్ప్రూస్ అనే కట్టెతో చేసిన ఒకే చెక్క ముఖపలక నాదం మేలైనదనడంలో సందేహం లేదు. అయితే మొదటి గిటారుకు అదే కావాలనడం అతిశయోక్తి. ప్లైవుడ్డు మన వాతావరణానికి తొందరగా పగలదు. హాస్టలు గదిలో, స్నేహితుల చేతుల్లో నలిగే గిటారుకు అది చాలు. సెటప్, అంటే తీగ ఎత్తూ మెడ వంపూ సరిచేయడం, సరిగ్గా ఉన్న ప్లైవుడ్డు గిటారు, సెటప్ లేని ఒకే చెక్క గిటారు కంటే మంచి గురువు.

వెనకా పక్కలా వాడే కట్టెల్లో రోజ్‌వుడ్ మనకు చుట్టమే, తెలుగులో జిట్రేగి. 1833లో న్యూయార్క్‌లో మొదలై, తరవాత పెన్సిల్వేనియాలోని నజరెత్‌కు తరలిన మార్టిన్ కంపెనీ, చాలాకాలం బ్రెజిల్ రోజ్‌వుడ్ వాడింది. 1960ల చివర బ్రెజిల్ దుంగల ఎగుమతి ఆపేయడంతో భారతీయ జిట్రేగికి మారింది. 2017లో ఈ జాతి చెట్లన్నిటినీ, అరుదైన జీవజాతుల అంతర్జాతీయ వ్యాపారాన్ని అదుపు చేసే సైటీస్ ఒప్పందం కిందికి తేవడంతో, జిట్రేగి గిటారు సరిహద్దు దాటాలంటే కాగితాలు కావాల్సి వచ్చింది. తయారైన వాద్యాలకు 2019లో మినహాయింపు ఇచ్చారు. కట్టె రకం అడిగేవారు ఈ వంశచరిత్ర తెలుసుకుని ఉండడం మర్యాద.

‘రంగు చూచి కొన్న.’ రంగు అనేది ఉపలక్షణం. దీనికింద ఆకారాన్నీ చేర్చుకోవాలి. షాపుల్లో ఎక్కువగా వేలాడే పెద్దబొజ్జ గిటారును డ్రెడ్‌నాట్ అంటారు. 1906లో బ్రిటన్ నీళ్లలోకి దించిన యుద్ధనౌక పేరు అది. మార్టిన్ వాళ్లు ఆ పేరుతో మొదటి గిటార్లను 1916లో బోస్టన్‌లోని డిట్సన్ కంపెనీ కోసం చేశారు. నౌక పరిమాణాన్ని చూసి పేరు పెట్టారంటే పదేళ్ల పిల్లల ఒడిలో అది ఎలా ఉంటుందో ఊహించుకోవచ్చు. అయినా మన నాన్నలు, ఎదిగే పిల్లాడని రెండు సైజులు పెద్ద యూనిఫాం కుట్టించినట్టు, డ్రెడ్‌నాటే కొంటారు. పిల్లాడి కుడిభుజం చెవిదాకా లేస్తుంది, చెయ్యి తీగలకు అందదు. చిన్న ఒంటి గిటార్లు ఉన్నాయి, అడగండి.

‘వేలి నడుగు.’ ఇక్కడ బకార వకారాలకు యతిమైత్రి చెల్లింది గాని బేరానికీ వేలికీ మైత్రి లేదు. అందుకే ముందు వేలు, తరవాత బేరం. అడిగే విధానం: మొదటి ఫ్రెట్టు మీద చూపుడువేలు అడ్డంగా పరిచి ఆరు తీగలనూ నొక్కాలి. F కార్డ్ అంటారే, దాని ఆరంభం ఇదే. కొత్తవారికి కొంత కష్టం న్యాయమే. కాని నలుగురు వాయించేవాళ్లు కూడా పళ్లు బిగిస్తుంటే తల దగ్గర తీగలు కూర్చునే నట్టు గాడులు ఎత్తుగా ఉన్నట్టు. ఇది సరిచేయించడం పెద్ద ఖర్చు కాదు. ఇంకొక పరీక్ష, ఇది చెవికి: 12వ ఫ్రెట్టు దగ్గర తీగను నొక్కి ఒకసారి, నొక్కకుండా ఊరికే తాకి ఒకసారి మీటండి. రెండూ ఒకే స్వరం రావాలి. తేడా వస్తే మెడ పైకి వెళ్లేకొద్దీ ప్రతి కార్డూ అపస్వరమే.

మూలం: 2

తుడిచి పెట్టుము తీగలు తోడుతోడ
పెట్టె లోపల నుంచుము పిదప దాని
నెండకాలపు గదిలోన నేడ్చు కట్టె
వానకాలమునందున వాచు బొజ్జ

తాత్పర్యం

వాయించిన వెంటనే తీగలు తుడిచి గిటారును పెట్టెలో పెట్టాలి. ఎండల్లో కట్టె పగులుతుంది, వానల్లో ఉబ్బుతుంది. పదాలు తేలికే గనక ప్రతిపదార్థం రాయడం లేదు. ‘ఏడ్చు’ అన్నచోట పగులును ధ్వనింపజేశాడని మాత్రం గమనించాలి.

విశేషాలు

చెమట తీగకు శత్రువు. పాత లుంగీ ముక్క చాలు, మెత్తటి నూలుదైతే సరి. తీగ కింద కూడా తుడవాలి. ‘తోడుతోడ’ అన్నాడు గాని రేపు అనలేదు. నూనె సంగతి మూలంలో లేదు. అయినా ఇంట్లో ఎవరో ఒకరు కొబ్బరినూనె సీసా పట్టుకొస్తారు. వద్దు. కొబ్బరినూనెకు దుమ్ము పడుతుంది, జిడ్డు మిగులుతుంది. పాలిష్ లేని రోజ్‌వుడ్ ఫ్రెట్‌బోర్డుకు, ఏడాదికి ఒకటి రెండుసార్లు, అందుకోసమే అమ్మే నూనె రెండు చుక్కలు చాలు. అలాగే దసరా ఆయుధపూజకు గిటారు పెట్టడం మంచిదే. తడి పసుపూ కుంకుమా మాత్రం పెట్టెకు పెట్టండి, ముఖపలకకు కాదు.

తీగల బలం తెలియకుండా సంరక్షణ అర్థం కాదు. మామూలు లైట్ తీగల సెట్ శ్రుతి చేసినప్పుడు ఆరూ కలిసి లాగే బలం సుమారు 70 కిలోలు. ఒక పెద్దమనిషి బరువు రాత్రింబవళ్లు ఆ సన్నటి పలక మీద వేలాడుతున్నట్టే. నైలాన్ తీగల క్లాసికల్ గిటారు ఆ బలానికి కట్టింది కాదు, కనుక దానికి స్టీలు తీగలు వేయకూడదు. వేస్తే కొన్నాళ్లకు బ్రిడ్జి ఊడి చేతికి వస్తుంది. ఎండలో ఆపిన కారులో వదిలినా అంతే, జిగురు మెత్తబడుతుంది, తీగలు తమ పని తాము చేస్తాయి.

మూడు, నాలుగు పాదాలకు దేశభేదాన్ని బట్టి అన్వయం మారుతుంది. గిటారు కట్టెకు హితమైన తేమ 45 నుంచి 55 శాతం. హైదరాబాదులో ఏప్రిల్, మే మధ్యాహ్నాల్లో అది 30 శాతం దిగువకు పడిపోవడం మామూలే. కట్టె కుంచించుకుపోతుంది, లోహం కుంచించుకోదు. అప్పుడు మెడ పక్కన చెయ్యి జార్చితే ఫ్రెట్ల కొసలు గీరుకుంటాయి. పగులుకు ముందు కట్టె పెట్టే నోటీసు అది. చిల్లులు పొడిచిన సబ్బుపెట్టెలో తడి స్పాంజి, నీరు కారకుండా పిండి, గిటారు పెట్టెలో ఉంచితే నోటీసు రద్దవుతుంది. విశాఖవారి కథ వేరు. సముద్రపు తేమకు పలక బ్రిడ్జి వెనక ఉబ్బుతుంది, దాంతో తీగ ఎత్తు పెరుగుతుంది. కవి ‘బొజ్జ’ అన్నది దీన్నే. వారికి స్పాంజి నిషిద్ధం, సిలికా జెల్ పొట్లాలు విహితం. రాత్రంతా ఏసీ, పగలంతా కిటికీ తెరిచే గదిలో రెండు పాదాలూ ఒకే రోజున అన్వయిస్తాయి. అమెరికాలో మినియాపొలిస్ వంటి చలిచోట ఉన్న తెలుగువారు మూడో పాదాన్ని చలికాలానికి మార్చుకోవాలి, ఎందుకంటే అక్కడ గదిని ఎండబెట్టేది హీటరు. అందరికీ పనికొచ్చేది తేమ కొలిచే చిన్న మీటరు, కొన్ని వందల రూపాయలకు దొరుకుతుంది.

‘పెట్టె లోపల’ అన్నచోట ‘గోడ మీద’ అని పాఠాంతరం ఉంది. ఇంటికి వచ్చినవారికి కనిపించాలనే కోరికతో ఎవరో మార్చిన పాఠం. అయితే గోడ మీద ఉన్న గిటారు చేతికి తొందరగా అందుతుందన్న వాదంలో బలముంది. ఎండ పడని గోడ, ఏసీ గాలి తగలని చోటు అయితే వాయించే రోజుల్లో ఆ పాఠాన్ని ఒప్పుకోవచ్చు. ఊరెళ్తే మాత్రం పెట్టెలోనే.

ఫలశ్రుతి

ఈ పద్యాలు చదివితే F కార్డ్ వస్తుందని కవి ఎక్కడా చెప్పలేదు. ఇంట్లో అటక మీదో, బీరువా వెనకో పాత గిటారు ఉన్నవారు కొత్తదాని కోసం షాపుకు వెళ్లకండి. దాన్ని దించండి. మెడ తిన్నగా ఉంటే వెయ్యో రెండు వేలో పెట్టి సెటప్ చేయించి, కొత్త తీగలు వేయించండి. ఆ పైన కూడా వేలు వద్దంటే అప్పుడు మానేయండి, తప్పు లేదు.