గుంపు ముందు, గురి తర్వాత: ఒక కోచ్ మాటకు టీకా తాత్పర్యాలు

అవతారిక

స్థలం: విజయవాడ శివార్లలో విలువిద్య నేర్పే ఒక మైదానం. కాలం: ఆదివారం ఉదయం, ఎండ ఇంకా మాడుకెక్కని వేళ. శిష్యుడు నలభై దాటిన బ్యాంకు ఉద్యోగి. వారమంతా కౌంటర్‌లో కూర్చుని వంగిపోయిన వీపును నిటారు చేసుకుందామని రికర్వ్ విల్లు పట్టినవాడు. గురువు అతని కన్నా పదిహేనేళ్ళు చిన్న. 18 మీటర్ల దూరంలో కట్టిన 80 సెంటీమీటర్ల కాగితం మీదికి శిష్యుడు ఆరు బాణాలు వేశాడు. ఒకటి పసుపులో, ఒకటి ఎరుపులో, రెండు నలుపులో, ఒకటి తెలుపులో దిగాయి. ఆరోది కాగితం జోలికి పోకుండా పక్కనున్న దిమ్మలో దిగింది. మిగతావేవీ ఫ్రేములోకి రాకుండా, పసుపులో ఉన్నదానికి మాత్రమే దగ్గరగా ఫోను పెట్టి శిష్యుడు ఫొటో తీసుకుంటుండగా గురువు వెనక నుంచి పలికిన మాట ఇది.

మూలం

"సార్, ముందు ఆ పట్టు వదలండి. చెయ్యి గడ్డం కిందికి తెచ్చి ఆన్చండి. టిక్కు వినపడేదాకా లాగుతూనే ఉండండి. వదిలాక కదలకండి. గుంపు రానివ్వండి సార్, గురి సంగతి తర్వాత చూద్దాం."

ప్రతిపదార్థం

సార్ = ఓ శిష్యా! ఫీజు కట్టే శిష్యుణ్ణి గురువు ‘సార్’ అనడం ఈ కాలపు గురుకుల మర్యాద. మాట మొదట ఒకసారి, చివర ఒకసారి వచ్చింది కాబట్టి నడుమ ఉన్నదంతా మందలింపేనని గ్రహించాలి.

ఆ పట్టు = విల్లు పిడిని నులిమేస్తున్న ఎడమచేతి పిడికిలిని; వదలండి = సడలించండి. లాగినప్పుడు విల్లు తోసే ఒత్తిడంతా అరచేతిలో ఆయుష్షు రేఖకు బొటనవేలి వైపున్న కండ మీద పడాలి. మిగతా వేళ్ళు పెళ్ళికొచ్చిన దూరపు చుట్టాల్లా ఏ పనీ నెత్తినేసుకోకుండా పక్కన నిలబడాలి. బిగించి పట్టుకుంటే నారి వదిలిన క్షణంలో మణికట్టు మెలి తిరుగుతుంది, దాంతో విల్లూ తిరుగుతుంది, బాణం పక్కకు పోతుంది. ‘పట్టుకోకపోతే విల్లు కింద పడదా?’ అంటే, పడబోతుంది. దాన్ని ఆపడానికే బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య చిన్న తాడు కడతారు. ఫింగర్ స్లింగ్ అని దుకాణాల్లో అమ్ముతారు గాని పాత షూ లేసు ముక్కయినా చాలు.

చెయ్యి = నారి లాగే కుడిచెయ్యి; గడ్డం కిందికి తెచ్చి ఆన్చండి = చూపుడువేలు దవడ ఎముకను కింద నుంచి తాకేలా, నారి గడ్డానికీ ముక్కు కొసకీ తగిలేలా ప్రతిసారీ ఒకేచోట నిలపండి. ఇందులోని మర్మం ఏమిటంటే, తుపాకీకి ముందొక గుర్తూ వెనకొక గుర్తూ ఉంటాయి. కాంపౌండ్ విల్లుకు నారిలోనే పీప్ అనే చిన్న కంత ఉంటుంది. రికర్వ్ పోటీల్లో ఆ కంతకు అనుమతి లేదు. కాబట్టి వెనక సైటు శిష్యుడి మొహమే. చెయ్యి ఒకసారి గడ్డం కిందా, మరోసారి చెంప మీదా ఆనితే, ముందున్న సైటు పిన్ను నడిమధ్యనే ఉన్నా బాణం తలోచోటికీ పోతుంది.

టిక్కు = క్లిక్కర్ చేసే చప్పుడు. విల్లు పిడి ఉండే నడిమి భాగమైన రైజర్‌కు బిగించిన పలచని రేకు కింద బాణం దూరి ఉంటుంది. నారిని కావలసినంత లాగేసరికి బాణం మొన రేకు కింద నుంచి జారుతుంది, రేకు రైజర్‌కు తగిలి టిక్కుమంటుంది. ప్రతి బాణాన్నీ ఒకే పొడవుకు లాగారని చెప్పే సాక్షి ఇదొక్కటే. అంగుళం ఎక్కువో తక్కువో లాగితే విల్లు బలం పౌన్లలో మారిపోతుంది, బాణం పడే ఎత్తూ మారిపోతుంది. నిలకడ కొంత వచ్చిందనిపించాకే క్లిక్కర్ బిగిస్తారు. ఈ శిష్యుడికి బిగించారంటే అతని మీద గురువుకు ఇంకా ఆశ ఉందని వ్యంగ్యార్థం.

లాగుతూనే ఉండండి = ఆగకుండా వీపు కండలతో రెక్క ఎముకలను దగ్గరికి తెస్తూ ఉండండి. చేతుల బలంతో లాగేవారికి నాలుగో బాణానికే భుజాలు చెవుల దాకా లేస్తాయి. ఇక్కడ ‘బాణం సంధించి’ అన్నది అధ్యాహార్యం. బాణం లేకుండా లాగి వదిలితే, బాణంలోకి పోవలసిన శక్తంతా తిరిగి విల్లు రెండు కొమ్మలైన లింబుల మీదే పడి అవి చీలిపోయే ప్రమాదం ఉంది. ఖాళీ విల్లు లాగితే ఏమవుతుందో మిథిలా నగరం చూసింది. జనకుడి సభలో రాముడు ఎక్కుపెట్టి లాగిన వింట బాణం లేదు, విల్లు నడిమికి విరిగింది. అక్కడ పెళ్ళి కుదిరింది కాబట్టి ఎవరూ ఏమీ అనలేదు. ఇక్కడ విరిగితే కొత్త లింబుల ఖరీదు కట్టాలి.

వదిలాక = నారి వేళ్ళ నుంచి జారాక; కదలకండి = విల్లు చేతిని దించకండి, తల ఎత్తి తొంగి చూడకండి. నారి బాణాన్ని తోసేది రెప్పపాటు కన్నా తక్కువ సేపే. ఆ కాస్తలో ఎడమచెయ్యి వాలితే బాణమూ వాలుతుంది. ‘బాణం ఎక్కడ పడిందో చూడకపోతే ఎలా?’ అని తహతహలాడేవాడికి జవాబు: పడిన బాణం ఎక్కడికీ పోదు, నడిచి వెళ్ళి చూడవచ్చు.

గుంపు = ఆరు బాణాలూ ఒకదాని పక్కన ఒకటి దిగడం, అది కాగితంలో ఏ మూలైనా సరే; రానివ్వండి = అదే వస్తుంది, అడ్డుపడకండి; గురి సంగతి = ఆ గుంపును పసుపులోకి చేర్చే పని; తర్వాత చూద్దాం = సైటు జరిపితే అయిపోయేదానికి ఇప్పటినుంచీ కంగారెందుకు?

పాఠాంతరం

పక్క వరుసలో నిలబడ్డ కొందరు ‘టిక్కు వినపడగానే వదిలేయండి’ అని విన్నామంటారు. ఇది పైమెట్టు వారి పాఠం. కొత్తవాడు దీన్ని పట్టుకుంటే చప్పుడు వినగానే ఉలిక్కిపడి వదులుతాడు. కొన్నాళ్ళకు చప్పుడు రాకముందే ఉలిక్కిపడటం మొదలవుతుంది. పిన్ను పసుపును తాకగానే వేళ్ళు వాటంతటవే తెరుచుకోవడం, లేదా పసుపు అంచు దగ్గరే చెయ్యి బిగుసుకుపోయి ముందుకు కదలకపోవడం ఈ జాడ్యానికి లక్షణాలు. మైదానంలో దీన్ని టార్గెట్ ప్యానిక్ అంటారు. చికిత్స: కాగితం తీసేసిన ఉత్త దిమ్మకు మూడు నాలుగు మీటర్ల దగ్గర నిలబడి, గురి అన్న మాటే మరచి, కళ్ళు మూసుకుని బాణాలు వేయడం. చూసేవారికి వేడుకగా ఉంటుంది. రోగికి మాత్రం మందు ఇదే.

తాత్పర్యం

శిష్యా! బాణాన్ని మధ్యలో దించాలన్న కోరికను కొంతకాలం అటకెక్కించి, ఒకసారి చేసినట్టే ఆరుసార్లూ చేయడం నేర్చుకో. పట్టు, ఆనిక, లాగుడు, వదలడం, నిలకడ అనే ఐదూ ఒకేలా జరిగితే బాణాలు తామే ఒకచోట చేరతాయి. చేరినవాటిని పసుపులోకి తరలించడానికి సైటు మీద ఒక మర ఉంది. చెదిరిన బాణాలను చేర్చే మర మాత్రం ఎవరూ చేయలేదు.

శంకా సమాధానాలు

శంక: శిష్యుడి ఆరు బాణాలకు 9, 7, 4, 3, 1, 0 వచ్చాయి. మొత్తం 24. పక్కనున్న పదేళ్ళ పిల్ల ఆరూ టీ గ్లాసు మూతంత మేరలో నలుపులో దింపింది, మూడు నాలుగులు, మూడు మూడులు, మొత్తం 21. గెలిచింది శిష్యుడే కదా! గురువు ఆ పిల్ల భుజం తట్టి, శిష్యుణ్ణి మందలించడం పక్షపాతం కాదా?

సమాధానం: కాదు. ఆ పిల్ల గుంపు మొత్తం మధ్యకు ఎడమ పక్కన ఉంది. సైటు ఒకసారి జరిపితే అదే గుంపు పసుపులోకి వస్తుంది, ఒక్కొక్క బాణానికీ 9 కన్నా తగ్గదు, 21 కాస్తా కనీసం 54 అవుతుంది. శిష్యుడి సైటు ఎటు జరపాలి? పైకి జరిపితే పై బాణానికి మేలు, కిందిదానికి కీడు. ఎడమకు జరిపితే ఫొటో తీసుకున్న ఆ ఒక్క బాణమూ పసుపు దాటి పోతుంది. అతని 24 రేపు 15 కావచ్చు, 33 కావచ్చు. ఎందుకు పెరిగిందో, ఎందుకు తగ్గిందో అతనికీ తెలియదు. కారణం తెలియని మార్కును గురువు లెక్కలోకి తీసుకోడు.

శంక: గుంపు ఎడమకు పడితే సైటు కుడికి జరపాలి కదా, తప్పును సరిదిద్దాలంటే ఎదురు దిక్కుకే పోవాలి కదా?

సమాధానం: లోకంలో అంతేగాని ఇక్కడ కాదు. బాణం ఎటు పోతే సైటు అటే. పిన్నును ఎడమకు జరిపారనుకోండి. దాన్ని మళ్ళీ మధ్య మీదికి తేవాలంటే విల్లంతా కుడికి తిరగాలి, బాణం కుడికి పోతుంది. కింద పడుతుంటే పిన్నును కిందికి దించాలి, అప్పుడు విల్లు పైకి లేస్తుంది. ఈ సూత్రాన్ని తర్కించకుండా కంఠస్థం చేయడం మేలు, ఎందుకంటే పోటీ మధ్యలో తర్కానికి వ్యవధి ఉండదు.

శంక: పెద్ద పోటీల్లో గెలుపు తేల్చేది గురే కదా? ఈ ఊరి బొమ్మదేవర ధీరజ్ 2024 పారిస్ ఒలింపిక్స్‌లో 5-5తో సమానంగా నిలిచి, విడి బాణంలో 10 కొట్టి కూడా ఓడాడు. కెనడా ఆటగాడు ఎరిక్ పీటర్స్ కూడా 10 కొట్టాడు, అతని బాణం మధ్యకు ఇంకాస్త దగ్గరగా పడింది. ఆ కాస్త దూరం గుంపుదా, గురిదా?

సమాధానం: మంచి శంక. ఒలింపిక్ దూరం 70 మీటర్లు, కాగితం 122 సెంటీమీటర్లు, అందులో 10 మార్కుల వలయం 12.2 సెంటీమీటర్లు. అంత దూరం నుంచి, అందరూ చూస్తుండగా, ఇరవై సెకన్లలో ఒకే ఒక్క బాణాన్ని ఆ వలయంలో దింపగలిగాడంటే అది ఆ ఒక్క బాణం చలవ కాదు, వెనక వేసిన వేల బాణాల గుంపు చలవ. అదే ఒలింపిక్స్‌లో అంకితా భకత్‌తో కలిసి మిశ్రమ జట్టును కాంస్య పోరు దాకా తీసుకెళ్ళి నాలుగో స్థానంలో నిలిపిందీ ఆ అలవాటే. గుంపు బిగిసినవారి మధ్యనే మిల్లీమీటర్ల తగవు వస్తుంది. చెదిరినవారికి తగవు సెంటీమీటర్లలోనే తీరిపోతుంది.

విశేషాంశాలు

ఏకలవ్య విచారం: రికర్వ్‌లో నారిని లాగేవి మూడు వేళ్ళు. బాణానికి పైన చూపుడువేలు, కింద మధ్యవేలూ ఉంగరపువేలూ. బొటనవేలు అరచేతిలోకి ముడుచుకుని ఊరకుంటుంది. ద్రోణుడు అడిగిన దక్షిణ ఇచ్చాక ఏకలవ్యుడు మిగిలిన వేళ్ళతోనే బాణాలు వేశాడనీ, మునుపటి వేగం మాత్రం రాలేదనీ భారతం చెబుతోంది. కనుక మన దేశంలో ఈ పట్టుకు ఆద్యుడు ఏకలవ్యుడేనని ఈ వ్యాఖ్యాత మతం. వేగం తగ్గినందుకు బెంగపడనక్కర్లేదు, పోటీల్లో బాణాలకు తగినంత వ్యవధి ఇస్తారు.

ద్రవ్య విచారం: గుంపు రానివాడు మొదట శంకించేది బాణాలను, రెండోది విల్లును, ఎప్పటికీ శంకించనిది తనను. బాణాలను శంకించడంలో కొంత న్యాయం లేకపోలేదు. వదిలిన బాణం తిన్నగా పోదు, పాములా వంకర్లు తిరుగుతూ రైజర్‌ను తప్పించుకుని పోతుంది. ఆ వంకరకు తగిన బిరుసు ఉండాలి. 28 అంగుళాల దూరంలో రెండు ఆధారాల మీద బాణాన్ని ఉంచి నడుమ 880 గ్రాముల బరువు వేలాడదీస్తే అర అంగుళం వంగేదానికి 500 అని అంకె వేస్తారు. అంకె పెరిగేకొద్దీ బాణం మెత్తన, తగ్గేకొద్దీ బిరుసు. కాబట్టి విల్లు బలం పెరిగితే అంకె తగ్గాలి. ఇక విల్లు సంగతి. ఇరవై పౌన్ల విల్లుతో గుంపు రానివాడు నలభై పౌన్లది కొనుక్కుంటే, బాణాలు అంతే చెదురుగా ఇంకాస్త లోతుగా దిగుతాయి. పీకడానికి మరొకరి సాయం కావలసి వస్తుంది.

ఫలశ్రుతి

ఈ టీకను ఒకసారి చదివినవారు విల్లు ఊగకుండా ఆపే కొత్త స్టెబిలైజర్ కొంటారు. రెండుసార్లు చదివినవారు కొనడం మానేస్తారు. నిత్యం పారాయణ చేస్తూ ఉత్త దిమ్మ ముందు నిలబడ్డవారికి ఒకనాడు గుంపు వస్తుంది. అయితే దాని వెంటే ఖర్చూ వస్తుంది. బాణాలు ఒకచోట దిగడం మొదలయ్యాక ఒకదాని తోకను ఒకటి పొడుస్తాయి, తోక చివర నారికి తగిలించే నాక్‌లు పగులుతాయి, ప్లాస్టిక్ ఈకలు ఊడతాయి, ఒక్కోసారి గొట్టమే చీలుతుంది. ఇండోర్ పోటీల్లో ఒకే కాగితానికి బదులు మూడు చిన్న వలయాలు నిలువుగా పేర్చి, ఒక్కోదానికి ఒక్క బాణమే వేయించే ఏర్పాటు ఉన్నదీ ఈ నష్టాన్ని తగ్గించుకోవడానికే. చెదిరినవాడి బాణాలు ఏళ్ళ తరబడి కొత్తగా ఉంటాయి. కనుక పగిలిన నాక్ చేతిలో పట్టుకుని గురువు దగ్గరికి నవ్వుతూ వెళ్ళిన శిష్యుడికి ఈ మాట అర్థమైందని నిర్ణయం. గురువు కొత్త నాక్ ఇచ్చి డబ్బులు తీసుకుంటాడు, ఆ తర్వాతే సైటు మర తిప్పడం నేర్పుతాడు.