జటాయు విక్రయం: టీకా తాత్పర్య విశేష సహితం

అవతారిక

మందరద్వీపాన్ని పటంలో వెతకవద్దు, కనబడదు. అయినా దానికొక వాయుసేన ఉంది, విమానాల కర్మాగారం ఉంది, ఆ కర్మాగారం వాకిట అమ్ముడుపోని విమానాలున్నాయి. కనుక ఉన్న దేశాలకూ ఈ లేని దేశానికీ పెద్ద తేడా లేదు. ఆ విమానం పేరు జటాయువు. జాతి తేలికపాటి సైనిక రవాణా విమానం. రెండు టర్బోప్రాప్ ఇంజన్లు, కొద్ది టన్నుల మోత, మట్టి రన్‌వే మీదైనా దిగే ఓర్పు ఈ జాతి లక్షణాలు. మన వాయుసేనలోని ఆవ్రో, ఏఎన్-32, సీ-295 దీనికి దాయాదులు. గణతంత్ర దినాన చప్పట్లన్నీ యుద్ధవిమానాలకు పోతాయి. కొండమీది శిబిరానికి కిరసనాయిలు, ఉల్లిపాయలు, ఉత్తరాలు చేర్చే పని మాత్రం వీటిది.

ఈ జటాయువును అమ్మడానికి ఆ దేశపు విక్రయశాఖ మూడు ఆటవెలదులు కట్టించి దేశదేశాల రక్షణ శాఖలకు పంపింది. పద్యాలు తేలిగ్గానే ఉన్నాయి గదా, టీక దేనికని శంక. కఠిన కావ్యానికి టీక లేకపోతే పాఠకుడు ఆగిపోతాడు, ప్రమాదం లేదు. సులభ కావ్యానికి టీక లేకపోతే సంతకం పెట్టేస్తాడు. మెదకు సీమ వాడైన మల్లినాథ సూరి, ఆధారం లేనిది రాయననీ అక్కరలేనిది చెప్పననీ నియమం పెట్టుకుని కాళిదాసుకు సంజీవని రాశాడు. మేము మొదటి నియమం పాటిస్తాం. రెండోది కూడా పాటిస్తే మాబోటి టీకాకారులకు జీవనం గడవదు.

మొదటి పద్యం

ఐదు టన్ను లెత్తి యాకాశమున కేగు,
రెండు వేల మైళ్ళు రేయి సాగు,
ఆరు నూర్ల గజము లందె వాలగ నేర్చు
మా జటాయు వనెడు మంచి పిట్ట.

ప్రతిపదార్థం: ఐదు టన్నులు = ఐదు వేల కిలోల బరువును; ఎత్తి = మోసికొని; ఆకాశమునకున్ = నింగికి; ఏగు = పోవునది; రెండు వేల మైళ్ళు = ఇంచుమించు 3,200 కిలోమీటర్లు; రేయి = రాత్రివేళ; సాగు = పయనించునది; ఆరు నూర్ల గజములందె = ఆరువందల గజాల నేలలోనే; వాలగన్ = దిగుటకు; నేర్చు = నేర్పు గలది; మా జటాయువు అనెడు = జటాయువను పేరు గల; మంచి పిట్ట = మేలైన పక్షి.

తాత్పర్యం: మా విమానం బాగా మోస్తుంది, చాలా దూరం పోతుంది, కొంచెం చోటులో దిగుతుంది.

విశేషాలు: ఈ పద్యంలోని రహస్యమంతా కవి రాయని మాటలో ఉంది. ఏగు, సాగు, నేర్చు అని మూడు గుణాలు చెప్పాడు. వాటి నడుమ ‘మఱియు’ అనలేదు, ‘లేక’ అనలేదు. రెండూ కలిసి వస్తే సముచ్చయం, రెంటిలో ఒకటే వస్తే వికల్పం అని మీమాంసకుల మర్యాద. చదివేవాడు సముచ్చయమనుకుంటాడు. రాసినవాడి మనసులో ఉన్నది వికల్పం.

దీనికి ప్రమాణం ఏఎన్-32. అది నేల విడిచేటప్పుడు 27 టన్నులకు మించి తూగరాదు. ఖాళీ విమానమే సుమారు 17 టన్నులు. అత్యధిక మోత 6.7 టన్నులు. ట్యాంకులు నిండితే ఇంధనం దాదాపు 5.5 టన్నులు. మూడూ కూడితే 29 దాటుతుంది. కనుక సరకు నిండుగా ఎక్కితే చమురు తగ్గాలి, చమురు నిండుగా పోస్తే సరకు దిగాలి. ఇది ఏఎన్-32 లోపం కాదు, రెక్కలున్న ప్రతి యంత్రానికీ ఇదే ధర్మం. జటాయువు ఐదు టన్నులు ఎత్తే మాట నిజం. రెండు వేల మైళ్ళు పోయే మాట నిజం. ఐదు టన్నులతో రెండు వేల మైళ్ళు పోతుందని మాత్రం కవి ఎక్కడా అనలేదు. అన్నాడని మనం అనుకుంటే ఆ పాపం మనది.

‘రేయి’ యతి కోసం పడిన మాట అని కొందరు. కాదు. రాత్రి గాలి చల్లన, చల్లని గాలి చిక్కన. చిక్కని గాలిలో రెక్కకు ఆధారం, ఇంజనుకు ఊపిరి, ప్రొపెల్లరుకు పట్టు ఎక్కువ. ఇలాంటి ప్రకటనల్లోని లెక్కలు సాధారణంగా సముద్రమట్టాన, 15 డిగ్రీల సెల్సియస్ దగ్గర కట్టినవి. రెంటచింతలలో మే నెల మధ్యాహ్నం ఆ 15 డిగ్రీలు ఎవరు తెచ్చిపెట్టాలి? ఇక లేహ్ విమానాశ్రయం 3,256 మీటర్ల ఎత్తున ఉంది. అక్కడ గాలి సాంద్రత సముద్రమట్టపు దానికంటే నాలుగో వంతుకు పైగా తక్కువ. అలాంటి ఎత్తులకూ మన ఎండలకూ తట్టుకోవాలనే ఏఎన్-26 దేహానికి మరింత బలమైన ఇంజన్లు తగిలించి ఏఎన్-32 చేశారు. కవి ‘రేయి’ అని ఒక్క మాటలో ఎండనూ ఎత్తునూ తప్పించుకున్నాడు. మహాకవి లక్షణం.

‘వాలగ నేర్చు’: ఆరువందల గజాలలో వాలుతుందన్నాడే గాని లేస్తుందనలేదు. దిగేటప్పుడు విమానం చమురు కాల్చుకుని తేలికై ఉంటుంది, బ్రేకులు తోడుంటాయి, ప్రొపెల్లర్ల రెక్కల కోణాన్ని ఎదురు తిప్పి ఆపవచ్చు. బరువుతో ఎగరడానికి ఇంకా నేల కావాలి. అది లేకపోతే దిగిన పక్షి దిగినచోటే గూడు కట్టుకోవాలి.

ఆక్షేపం: రావణుడు రెక్క నరికితే నేల కూలిన పక్షి పేరు విమానానికి పెట్టడం అమంగళం కాదా? సమాధానం: కాదు, సత్యసంధత. పద్యం మొత్తంలో దాచకుండా చెప్పినది పేరొక్కటే. మరి పుష్పకమని పెట్టవచ్చు గదా? పెట్టరాదు. పుష్పకం బ్రహ్మ కుబేరునికిచ్చినది, రావణుడు గుంజుకున్నది, రాముడు విభీషణ సుగ్రీవులనూ వానరులనూ ఎక్కించుకుని అయోధ్యకు తెచ్చినది. ఎంతమంది ఎక్కినా ఇంకొకరికి చోటుండేదని ప్రతీతి. మోత, దూరం, దిగడం మూడూ ఏకకాలంలో సాధించిన ఏకైక సైనిక రవాణా విమానం అదే. సముచ్చయం దానికే చెల్లు. పని కాగానే అసలు యజమానికి తిరిగి పంపిన ఒప్పందం కూడా అదొక్కటే.

పాఠాంతరం: ‘మంచి పిట్ట’ అన్నచోట ‘మొండి పిట్ట’ అని మెకానిక్కుల ప్రతిలో ఉంది. మా-మొ యతి కుదరదు గనుక పండితులు దీన్ని తోసిపుచ్చారు. హ్యాంగరులో మాత్రం ఈ పాఠమే ప్రచారంలో ఉంది.

రెండవ పద్యం

సైన్య మెక్కవచ్చు, సరకు నింపగవచ్చు,
రోగి మంచమైన రూఢిఁ బట్టు,
మంత్రిగారి వెంట మందికైనను చాలు,
వెనుక తలుపు తెరువ వేగ నిండు.

ప్రతిపదార్థం: సైన్యము = సైనికుల గుంపు; ఎక్కవచ్చు = ఎక్కుటకు వీలగును; సరకు = సామగ్రి; నింపగవచ్చు = నింపుటకు వీలగును; రోగి మంచము ఐనన్ = స్ట్రెచర్ అయినను; రూఢిన్ = తప్పక; పట్టు = ఇముడును; మంత్రిగారి వెంట మందికిన్ ఐనను = అమాత్యుని అనుచరులకు సైతము; చాలు = సరిపోవును; వెనుక తలుపు = తోక కింది ర్యాంపు; తెరువన్ = దించగా; వేగ = త్వరగా; నిండు = నిండిపోవును.

తాత్పర్యం: స్పష్టం.

విశేషాలు: ఇక్కడ ‘వచ్చు’ అనే మాట రెండుసార్లు వచ్చింది. వికల్పం ఈ పద్యంలో కొంగు కప్పుకోలేదు. సీ-295 వివరాల్లో 71 మంది సైనికులు లేదా సుమారు 50 మంది పారాట్రూపర్లు అని ఉంటుంది. మనిషి అదే మనిషి, వీపున పారాషూటూ ఒంటి ముందు మూటా చేరేసరికి ఒకటిన్నర మనిషి చోటు ఆక్రమిస్తాడు. మందరద్వీప కవి ఆ ‘లేదా’ మింగి చరణానికొక వేషం కట్టాడు. ఒకే విమానం పొద్దున సైనికులను, మధ్యాహ్నం రోగులను, సాయంత్రం మంత్రిని మోయవచ్చు. ముగ్గురికీ ఒకే పూట పని పడితే ఎవరు ముందు ఎక్కుతారో ఏ దేశంలోనైనా అందరికీ తెలుసు.

‘వెనుక తలుపు’ అతిశయోక్తి కాదు, ఈ జాతికి ప్రాణమే అది. రెక్క పైన ఉంటే ప్రొపెల్లర్లకు గులకరాళ్ళ దెబ్బ తక్కువ, పొట్ట నేలకు దగ్గర. చక్రాలు పొట్ట పక్కన ఉబ్బుల్లోకి ముడుచుకుంటే లోపలి అంతస్తు అడ్డు లేకుండా సాగుతుంది. తోక పైకెత్తి ర్యాంపు దించితే జీపు నేరుగా లోపలికి పోతుంది, గాలిలో తెరిస్తే మూటలూ మనుషులూ వెనకనుంచే దిగిపోతారు. కాన్పూరులో తయారై 1961 నవంబరు 1న తొలిసారి ఎగిరిన ఆవ్రోకు రెక్కలు కింద, వెనక దించే ర్యాంపు లేదు. పుట్టుకతో అది ప్రయాణికుల విమానం, సైన్యంలో చేరి అన్ని పనులూ నేర్చుకుంది. దాని స్థానంలో సీ-295 తీసుకుంటున్నప్పుడు రక్షణ శాఖ వెనుక ర్యాంపును ప్రత్యేకించి చెప్పింది. ఈ ఒక్క చరణానికి టీకాకారుడు నమస్కరిస్తున్నాడు.

మూడవ పద్యం

ధరను పలుకబోము, దయచేసి మాటాడ
రండు, నగదు లేక రాదు చింత,
బియ్యమైన తెండు, విడిభాగముల మాట
పిదప చూచుకొండు, ప్రీతి చాలు.

ప్రతిపదార్థం: ధరను = వెలను; పలుకబోము = చెప్పము; దయచేసి = దయతో; మాటాడన్ = బేరమునకు; రండు = రావలసినది; నగదు లేక = రొక్కము లేకున్నను; చింత రాదు = విచారము కలుగదు; బియ్యము ఐనన్ = తండులములైనను; తెండు = తీసికొని రండు; విడిభాగముల మాట = స్పేర్ పార్టుల సంగతి; పిదప = తరువాత; చూచుకొండు = మీరే చూచుకొనుడు; ప్రీతి = స్నేహము; చాలు = ప్రస్తుతమునకు చాలును.

తాత్పర్యం: ముందు కొనండి.

విశేషాలు: ‘ధరను పలుకబోము’ అన్నది గర్వం కాదు. ఈ వస్తువుకు నిజంగానే ఒక ధర ఉండదు. 2021 సెప్టెంబరులో మన దేశం 56 సీ-295 విమానాలకు, వాటి అనుబంధ సామగ్రికి కుదుర్చుకున్న ఒప్పందం విలువ దాదాపు 21,935 కోట్ల రూపాయలు. దాన్ని 56తో భాగిస్తే ఒక్కొక్కటి 390 కోట్ల పైచిలుకు అని టీ కొట్టు దగ్గర తేలుతుంది. ఆ భాగహారంలో అనుబంధ సామగ్రి కూడా విమానమైపోతుంది. 16 స్పెయిన్ నుంచి ఎగిరి రావడం, 40 వడోదరలో తయారవడం కూడా అందులో కనబడదు. ఇక్కడ కొన్నది విమానాలతో పాటు వాటిని కట్టే విద్య. హైదరాబాదులోనూ దాని భాగాలు తయారవుతున్నాయి గనుక తెలుగు పాఠకుడు ఈ వాక్యం దగ్గర కాస్త నిటారుగా కూర్చోవచ్చు.

‘బియ్యమైన తెండు’ హాస్యమని కొట్టిపారేయరాదు. స్పెయిన్‌తో కలిసి సీఎన్-235 రూపొందించిన ఇండోనేసియా, 1990లలో ఆ విమానాలను థాయిలాండుకు ఇచ్చి బదులు బియ్యం పుచ్చుకునే ఒప్పందం చేసుకుంది. బియ్యం వండుకుంటే అయిపోతుంది, విమానానికి ఆకలి అప్పుడే మొదలవుతుంది.

అందుకే ‘పిదప’ అన్నది ఈ కావ్యమంతటిలో అపాయకరమైన పదం. మొదటి పద్యంలో వికల్పాన్ని సముచ్చయమనిపించిన కవి, ఇక్కడ సముచ్చయాన్ని వికల్పం చేశాడు. విమానమూ విడిభాగాలూ విడదీయరాని జంట. వాటి నడుమ ‘పిదప’ చేరితే ఏమవుతుందో అఫ్ఘానిస్తాన్ చూపింది. ఇటలీ వాయుసేన వాడి వదిలిన జీ-222 విమానాలు ఇరవైని అమెరికా బాగు చేయించి అఫ్ఘాన్ వాయుసేనకు సమకూర్చింది. ఖర్చు దాదాపు 50 కోట్ల డాలర్లు. విడిభాగాలు అందక, నిర్వహణ సాగక అవి మూలపడ్డాయి. 2014లో కాబూల్‌లో 16 విమానాలను తుక్కు చేసి పౌను 6 సెంట్ల లెక్కన అమ్మితే వచ్చింది 32 వేల డాలర్ల చిల్లర.

అమ్మినవాడు మంచివాడైనా కాలం మంచిది కాకపోవచ్చు. ఏఎన్-32ల ఆధునికీకరణకు మనం 2009లో యుక్రెయిన్‌తో ఒప్పందం చేసుకున్నాం. కొన్ని అక్కడ, మిగిలినవి కాన్పూరులో బాగుపడాలని ఏర్పాటు. 2014 తరువాత ఆ దేశం కల్లోలంలో పడేసరికి విడిభాగాల రాక చిక్కుల్లో పడింది. ‘ప్రీతి’కి లోటు రాలేదు. వాషర్లకు, సీళ్ళకు వచ్చింది.

అలంకారం: వ్యాజస్తుతి అని ప్రాచీనులు, నికరంగా ప్రకటన అని నవీనులు. రసం: కొనేదాకా శృంగారం, కొన్నాక కరుణం, ఆడిట్ నివేదిక వచ్చాక రౌద్రం.

ఫలశ్రుతి

ఈ పద్యత్రయాన్ని టెండరు తెరిచే ముందు సటీకంగా పఠించిన అధికారి మూడు ప్రశ్నలు అడుగుతాడు. ఐదు టన్నులతో మా ఎండలో, మా కొండమీద నుంచి ఎగిరి ఎంత దూరం పోతుంది? అలా ఎగరడానికి ఎంత నేల కావాలి? ఇరవై ఏళ్ళ తరువాత పగిలిన గొట్టం ఎవరిస్తారు, మీరు ఇవ్వలేని రోజున మేమే చేసుకోవచ్చునా? మొదటి ప్రశ్నకు విక్రయశాఖ నవ్వు తగ్గుతుంది. రెండోదానికి కాఫీ వస్తుంది. మూడోదానికి, కవిని వదిలేసి ఇంజనీరును పిలుస్తారు. ఇంజనీరు గదిలోకి వచ్చిన తరువాతే బేరం మొదలైనట్టు లెక్క.

ఇది శ్రీమత్ కొటేషన్ పరిశీలనా ధురంధర, టెండరు తంత్ర పారంగత, ఫైలు భారవాహక, నామధేయ రహిత ప్రణీతంబైన జటాయు విక్రయ వ్యాఖ్యయందు సర్వంబును ఏకాశ్వాసము. విడిభాగములకు టీక ప్రత్యేకముగా వెల కట్టబడును.